రొయ్యల స్లయిడ్ వెనక మ్యాపు

విజయనగరం బస్ కాంప్లెక్సు ఎదుట, చెరుకురసం గ్లాసు పెదవులకు తగలకముందే గణపతిరావు కూలిపోయాడు. వడదెబ్బ అనుకుని జనం నీళ్లు చల్లారు. చొక్కా మీద ఎర్రటి మరక పాకడం చూశాక గాని తూటా తగిలిందని ఎవరికీ తెలియలేదు. తుపాకీ చప్పుడు ఎవరూ వినలేదు మరి.

అదే సాయంత్రం రాజాంలో, ప్రొజెక్టర్లూ మైకులూ అద్దెకిచ్చే చిన్న షాపులో ఫోను మోగింది.

"పొందూరు సన్న నూలు దొరుకుతుందా?"

"మగ్గం మీద ఉంది."

"భాస్కర్, గణపతిరావు పోయాడు," అన్నాడు చీఫ్ త్యాగరాజు.

ఏజెంట్ ఉదయభాస్కర్ చేతిలో చుడుతున్న వైరు కింద పెట్టాడు. రాజాంలో అతను గంగరాజు. ఆ పేరుతో షాపు పెట్టి ఏడాది దాటింది. ప్రొజెక్టర్ బల్బు కొనే నెపంతో అప్పుడప్పుడూ వచ్చి, తలుపు దగ్గరగా వేసి, "ఏం భాస్కర్!" అని నోరారా పిలిచే మనిషి ఈ రెండు జిల్లాల్లో గణపతిరావు ఒక్కడే.

"వింటున్నావా?"

"చెప్పండి సార్."

"చనిపోయే ముందు మనకో ప్రెజెంటేషన్ మెయిల్ చేశాడు. రొయ్యల ఎగుమతి కంపెనీది. చెరువులు, లాభాలు, నవ్వుతున్న కూలీలు. పైకి మచ్చ లేదు."

"దానికి మనిషిని చంపుతారా?"

"నాలుగో స్లయిడ్‌లో కనిపించే చార్టు ఉత్త ముసుగు. దాని వెనక వేరే ఫైలుకు లింకుంది. ఆ ఫైలు మన దగ్గర లేదు. వాళ్ల పద్ధతే అది. స్లయిడ్లు మెయిల్‌లో బాహాటంగా పోతాయి. సపోర్టింగ్ ఫైలు పెన్ డ్రైవ్‌లో చేతుల మీదుగా వెళుతుంది. రెండూ ఒకచోట కలిస్తేనే అసలు బొమ్మ. అప్పటిదాకా అది అమ్మేవాడికీ కనపడదు."

"అసలు బొమ్మ ఏమిటి?"

"మన తీరంలో రాడార్ల కంట పడని దారి. కొనేవాడు విక్టర్, విదేశీ ముఠా మనిషి. ఆ దారిన పేలుడు పదార్థాలతో వాళ్ల బోటు రావాలి. అమ్మేవాడు హరిబాబు, భోగాపురంలో రిసార్టు కట్టిన కాంట్రాక్టరు. రేపు మధ్యాహ్నం అక్కడే ఇన్వెస్టర్ల మీటింగ్ అని పేరు. ప్రొజెక్టరు నీదే."

"అక్కడే పట్టుకుంటే?"

"బోటు ఇంకో రోజు ఇంకో దారిన వస్తుంది. మనం చెప్పిన దారినే రావాలి. లింకులో ఆ ఫైలు పేరుంది భాస్కర్. గణపతిరావు మనకు మిగిల్చింది ఆ పేరే. అదే పేరుతో మనవాళ్లు వేరే మ్యాపు గీశారు. లింకు పేరు చూస్తుంది, లోపలేముందో చూడదు. హరిబాబు డ్రైవ్‌లో ఉన్నదాని మీద మనది కాపీ చెయ్. వాళ్లలో మన మనిషి ఒకరున్నారు. కోడ్ ఈ పొందూరు నూలే."

ఎవరని అడిగేలోగా లైను తెగింది.

చీకటి పడుతున్నా అతను లైటు వెయ్యలేదు. పక్క కొట్లో ఎండుచేపలమ్మే మరిడమ్మ తొంగి చూసింది.

"ఏటి బాబూ, సీకట్లో కూకున్నావు? తిన్నావేటి?"

"తిన్నానమ్మా."

"అబద్ధాలాడకు. ఇదిగో, నెత్తళ్ల పులుసు. నాను సూస్తన్నాను గానీ, ఒక్కపాలైనా నీ కాడికి సుట్టమన్నోడు రానేదు. నీకెవులూ నేరేటి?"

"ఉన్నారమ్మా. దూరం."

ఆమె గిన్నె పెట్టి వెళ్లింది. అన్నం కలుపుకుని, తినకుండానే చెయ్యి కడిగేసుకున్నాడు. గణపతిరావు ఎవరో గంగరాజుకు తెలియదు. గంగరాజుకు ఏడ్చే హక్కు కూడా లేదు.

*

భోగాపురం రిసార్టు హాల్లో అద్దాల అవతల సముద్రం ఎండకు తళతళలాడుతోంది. సోడాబుడ్డి కళ్లద్దాలు, కిళ్లీతో ఎర్రబడ్డ పళ్లు, జారిపోయే ప్యాంటు. అద్దెకొచ్చిన ప్రొజెక్టర్‌వాడి ముఖం ఎవరూ రెండోసారి చూడలేదు. అతను స్లయిడ్లు మార్చే రిమోట్ తీసి, దాని రిసీవర్‌ను లాప్‌టాప్‌కు గుచ్చాడు. ఆ గోరంత రిసీవర్ కడుపులోనే మనవాళ్ల మ్యాపుంది.

హరిబాబు తన పెన్ డ్రైవ్‌ను మెళ్లో గొలుసు నుంచి విప్పి తనే గుచ్చాడు. నడుం దగ్గర చొక్కా ఉబ్బెత్తుగా ఉంది. పిస్టల్.

"ఒరే, దీని మీద సెయ్యెయ్యకు. మైకు సూసుకో."

హరిబాబు భుజం మీద చెయ్యేసి నవ్వుతోంది సంహిత. నెమలికంఠం రంగు పట్టుచీర, ఒంటి రాయి ముక్కుపుడక. స్లయిడ్లు చూపి ప్రసంగించేది ఆమే. విక్టర్ ఆమెను చూస్తూ టై సర్దుకున్నాడు.

కాలర్ మైకు పెట్టడానికి ఆమెను స్పీకరు పక్కకు పిలిచి భాస్కర్ అన్నాడు. "చీర పొందూరుదాండీ?"

"కాదు," ఆమె నవ్వు చెదరలేదు. "అది ఇంకా మగ్గం మీదే ఉంది."

క్లిప్పు పట్టుకున్న అతని వేళ్లు ఒక్క క్షణం ఆగాయి.

"మైకు ఆఫ్‌లోనే ఉంది," అన్నాడు మెల్లగా.

"గణపతిరావుగారు మీ గురించి చెప్పేవారు, భాస్కర్‌గారూ. నిన్న విజయనగరంలో ఆయన్ని కాల్చిన కారు వెనక సీట్లో నేనూ ఉన్నాను. ఇలాగే నవ్వుతూ." ఆమె పెదవులు కదిలీ కదలనట్టున్నాయి. "ఎంతసేపు కావాలి?"

"వీలైనంత."

ఆమె విక్టర్ చెయ్యి పట్టుకుని అద్దాల దగ్గరికి నడిచింది. హరిబాబు మూతి ముడిచి వాళ్ల వెనకే వెళ్లాడు. భాస్కర్ లాప్‌టాప్ ముందు వాలాడు. ఫోల్డర్ తెరిచాడు. పేరు అదే. కాపీ. పేస్ట్. పాతదాని మీద రాయమంటావా అని లాప్‌టాప్ అడిగింది. రాయమన్నాడు. పచ్చగీత నత్తలా పాకసాగింది. ఫైలు పెద్దది.

హరిబాబు వెనక్కి తిరిగాడు.

"ఏటి సేస్తన్నావురా అక్కడ?"

పచ్చగీత ఇంకా సగంలోనే ఉంది. హరిబాబు చెయ్యి నడుం మీదికి పోయింది. నాలుగు అంగల్లో వచ్చేశాడు. సరిగ్గా అప్పుడే సంహిత మైకు ఆన్ చేసి స్పీకరు ముందుకు జరిగింది. హాలంతా కీచుమని అరిచింది. విక్టర్ చెవులు మూసుకున్నాడు, హరిబాబు ఉలిక్కిపడి అటు తిరిగాడు.

"అయ్యయ్యో, సారీ!" అని ఆమె పకపకా నవ్వింది.

హరిబాబు మళ్లీ స్క్రీన్ వైపు చూసేసరికి పచ్చగీత నిండి మాయమైంది. అక్కడ రొయ్యల చెరువులు తప్ప ఏమీ లేవు.

"సౌండు సరిసేస్తన్నానండి," అన్నాడు గంగరాజు, తల గోక్కుంటూ.

"తప్పుకో, ఎదవా!"

నాలుగో స్లయిడ్ వచ్చింది. లింకులు అప్‌డేట్ చేయాలా? తెర మీద వచ్చిన ఆ ప్రశ్నకు హరిబాబే అవునని నొక్కాడు. లాభాల చార్టు చెరిగి తీరపు మ్యాపు పరుచుకుంది. దాని మీద ఒక ఎర్రగీత, సముద్రం నుంచి ఒడ్డుకు. విక్టర్ చాలాసేపు చూసి, తలూపి, షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

వాళ్ల నమ్మకం నిలబడాలంటే సంహిత వాళ్లతోనే పోవాలి. పోయింది. కారెక్కుతూ అందరికీ చెయ్యూపింది, ప్రొజెక్టర్‌వాడికి తప్ప. అతను హాల్లో ఒక్కడే వైర్లు చుట్టుకున్నాడు. చివర్లో కాలర్ మైకు చేతికొచ్చింది. క్లిప్పుకు సన్నటి పట్టుపోగు ఒకటి చిక్కుకుని ఉంది. తీసి పారేశాడు. సాక్ష్యాలు మిగల్చకూడదు.

ఆ వారంలోనే బోటు ఎర్రగీత వెంబడి బుద్ధిగా వచ్చింది. గీత చివర కోస్ట్‌గార్డు నౌకలున్నాయి. హరిబాబూ విక్టరూ రైలెక్కబోతూ దొరికారు. చీఫ్ ఫోన్ చేసి అభినందించాడు.

"ఆవిడ క్షేమమేనా సార్?"

"ఏ ఆవిడ?" అన్నాడు చీఫ్.

భాస్కర్ ఫోను పెట్టేసి ప్రొజెక్టర్ లెన్సు తుడవసాగాడు. గుమ్మంలో ఎవరో దగ్గారు. రణస్థలం నుంచి వచ్చాడట, పేరు జగన్నాధం.

"మా మావ షష్టిపూర్తికి పాత ఫొటోలు తెర మీద ఎయ్యాల బాబూ. మెషీనొక్కటే ఇస్తావేటి, మనిషి కూడా వస్తాడా?"

"వస్తాడండీ," అన్నాడు గంగరాజు. "మనిషి ఖాళీయే."