అవతలి గోల్ వైపు

శనివారం ఉదయం నీల్ ఈల వేసుకుంటూ వంటగదిలోకి వచ్చాడు. మిగతా రోజుల్లో గోదాము పనికి అతన్ని లేపాలంటే టెస్సా రెండుసార్లు పిలిచి, మూడోసారి దుప్పటి లాగాలి. శనివారం మాత్రం అలారం కంటే ముందే లేచి, నలుపూ పసుపూ చారల మఫ్లర్ మెడకు చుట్టుకుని, ఫ్లాస్కు కడుక్కుంటాడు.

టెస్సా చంకలో పాప ఉంది. మార్నీకి తొమ్మిదో నెల. టెస్సా దాని నుదుటి మీద చేయి పెట్టి చూసింది. తీసి, మళ్లీ పెట్టింది.

"కాస్త వెచ్చగా లేదూ?"

"ఇప్పుడే కదా నిద్ర లేచింది. పొద్దుట్నుంచి నాలుగుసార్లు చూశావు."

"ఐదు."

నీల్ నవ్వి పాప బుగ్గ మీద ముద్దు పెట్టాడు. "ముక్కు కారుతోందంతే. ఐదున్నరకల్లా వచ్చేస్తాగా."

"ఇవాళైనా గెలుస్తారా?"

"లేదు," అన్నాడు ఫ్లాస్కులో టీ పోస్తూ. "వచ్చేది రెండో స్థానంలో ఉన్న జట్టు. మనల్ని నలిపేస్తారు."

"మరి వెళ్లడం ఎందుకు?"

"నలిపేటప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా."

అతను నవ్వుతూనే అన్నాడు. తలుపు మూసుకున్నాక ఆ మాట టెస్సా దగ్గరే ఉండిపోయింది. థార్న్‌లీ ఫుట్‌బాల్ జట్టు పదకొండు ఆటలుగా వరసగా ఓడిపోతోంది. అడుగున ఉన్న లీగులో కూడా అడుగునే ఉంది. అయినా దాని పక్కన నిలబడటానికి మనుషులున్నారు. తనకెవరున్నారు? సముద్రం ఒడ్డున ఉన్న పుట్టిన ఊరు వదిలి, కొండల మధ్య తడిసి ముద్దయ్యే ఈ ఊరికి వచ్చి రెండేళ్లయింది. ఇక్కడ ఆమెను పేరు పెట్టి పిలిచేది ఇద్దరే. ఒకరు నీల్. రెండోది పాపకు టీకాలు వేసే నర్సు, అదీ కాగితం చూసి.

మధ్యాహ్నం రెండింటికి మార్నీ ఒళ్లు కాలిపోయింది. పాలు పట్టనివ్వలేదు, ఏడ్చే ఓపిక కూడా లేక మూలిగింది. టెస్సా నీల్‌కి ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. ఏడుసార్లు చేసింది. ఆఖరికి పాపను తన కోటులో చుట్టుకుని, టాక్సీ పిలిచి, ఆసుపత్రికి పరుగెత్తింది. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో మూడు గంటలు కూర్చుంది. మామూలు జలుబు జ్వరమేనని మందిచ్చి పంపించారు. 

ఆమె వచ్చిన కాసేపటికే నీల్ వచ్చాడు. మోకాళ్ల దాకా బురద.

"ఏడుసార్లు చేశాను," అంది టెస్సా.

అతని మొహం పాలిపోయింది. "ఇప్పుడే చూశాను. పాప..."

"పడుకుంది. ఆసుపత్రికి వెళ్లొచ్చాం. మేమిద్దరమే."

"ఫోన్ ఉన్న కోటు టీ గదిలో వదిలేశాను టెస్సా. మైదానం నిండా నీళ్లు. అందరం చీపుర్లు పట్టుకుని తోశాం, లేకపోతే ఆట రద్దయ్యేది."

"రద్దయితే ఏం పోయేది? ఎలాగూ ఓడిపోయారుగా."

"ఐదు సున్నా," అన్నాడు నీల్ అలవాటుగా. అని, నాలిక కరుచుకున్నాడు.

"అంకె కూడా చెబుతున్నావా నాకు?" టెస్సా గొంతు పెరగలేదు, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. "నీకు మేవిస్ ఉంది, ఇద్రిస్ ఉన్నాడు, ఆ మైదానం నిండా మనుషులున్నారు. నాకు నువ్వొక్కడివే నీల్. ఆ ఒక్కడివీ శనివారం ఉండవు. ఇవాళ మాకేమన్నా అయ్యుంటే ఈ ఊళ్లో ఎవరికి తెలిసేది?"

 నీల్ మఫ్లర్ తీసి తలుపు వెనక మేకుకు తగిలించాడు.

"మానేస్తాను," అన్నాడు.

నిజంగానే మానేశాడు. తర్వాతి శనివారం పాపకు స్నానం చేయించాడు, బట్టలు ఉతికాడు. ఆ పై శనివారం ముగ్గురూ పార్కుకు వెళ్లి బాతులను చూసి వచ్చారు. ఒక్కసారి కూడా మొహం మాడ్చలేదు, దెప్పలేదు. కానీ మూడు గంటలయ్యేసరికి ఎక్కడున్నా, చేతిలో ఏ పనున్నా, తల కొండ దిగువన ఉన్న మైదానం వైపు తిరిగేది. గాలి అటునుంచి వీస్తే కేకలు సన్నగా వినిపించేవి. అతను కిటికీ మూసేసేవాడు.

టెస్సాకు అడిగింది దొరికింది. కానీ ఇంట్లో ఇదివరకు ఒంటరిగా ఉన్నది ఒక్కరు, ఇప్పుడు ఇద్దరు.

నాలుగో శనివారం పొద్దున్న నీల్ పాలకు వెళ్లినప్పుడు ఎవరో తలుపు తట్టారు. గుమ్మంలో డెబ్బై దాటిన పెద్దావిడ చేతికర్ర మీద వాలి రొప్పుతోంది.

"నేను మేవిస్‌ని. మీ ఆయన్ని ఎత్తుకెళ్లడానికి రాలేదులే, భయపడకు. ఈ కొండ ఎక్కడానికి నలభై నిమిషాలు పట్టింది, కుర్చీ మాత్రం ఇవ్వు."

టెస్సా కుర్చీ జరిపి టీ పెట్టింది. మేవిస్ సంచిలోంచి చిన్న ఉన్ని టోపీ తీసింది. నలుపూ పసుపూ చారలు.

"పాపకి అల్లాను. పెట్టుకుంటే కందిరీగలా ఉంటుంది. ఏం చేస్తాం, మా రంగులవి."

టెస్సా టోపీని వేళ్ల మధ్య తిప్పింది. "నీల్‌ని నేనే మానిపించాను. మీకు కోపంగా ఉంటుంది."

"ఆ రోజు ఫోన్ మోగడం నేను విని ఉంటే, వాడి చెవి పట్టుకుని ఇంటికి తెచ్చేదాన్ని." మేవిస్ టీ తాగి కప్పు దించింది. "మా ఆయన పోయాక కూడా నేను ఆటకి వెళ్తూనే ఉన్నాను. ఇంట్లో ఉంటే గోడలు మీద పడేవి. ఒక శనివారం నడుం పట్టేసి వెళ్లలేకపోయాను. ఆట అయ్యాక టాక్సీ ఒకటి వచ్చి ఇంటి ముందు ఆగింది. దాన్ని నడిపేది ఇద్రిస్. ఆటలో ప్రతిసారీ చూసే మొహమే గానీ అప్పటికి పేరు కూడా తెలియదు. చేతిలో నాలుగు సమోసాలు. 'గోల్ వెనక కడ్డీ దగ్గర మీరు లేరు' అన్నాడు. అంతే అన్నాడు."

ఆవిడ చేతికర్రను కుర్చీకి ఆనించింది.

"తర్వాత నీల్ వచ్చాడు. పంతొమ్మిదేళ్లు, తల్లి పోయి నెల కాలేదు. ఒక్కడే మూల నిలబడేవాడు. మేమిద్దరం జరిగి మధ్యలో చోటిచ్చాం. గెలుపు కోసమైతే ఎప్పుడో మానేసేవాళ్లం తల్లీ. ఒకరోజు రాకపోతే, ఎందుకు రాలేదని అడిగేవాళ్లుంటారు. అందుకు వెళ్తాం."

"మరి నీల్ గురించి అడగడానికే వచ్చారా?"

"వాడు మెసేజ్ పెట్టాడు, బాగానే ఉన్నానని. నువ్వెలా ఉన్నావో ఎవరూ చెప్పలేదు."

  ఆసుపత్రి కుర్చీలో ఆ మూడు గంటలూ రాని ఏడుపు టెస్సాకి ఇప్పుడు వచ్చింది.  మేవిస్ పాపను అందుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుని, టోపీ తొడిగింది.

నీల్ పాలతో తిరిగి వచ్చేసరికి టెస్సా రెండు ఫ్లాస్కులు కడుగుతోంది.

"రెండెందుకు?" అన్నాడు.

"ఒకటి పాప పాలకి వేడినీళ్లు. మఫ్లర్ తీసుకో, చలిగా ఉంది."

మైదానంలో ఎక్కువ మంది లేరు. అందరూ ఎవరి చోట వాళ్లు నిలబడ్డారు. ఎడమ గోల్ వెనక ఇనుప కడ్డీకి ఆనుకుని ఉన్న ఇద్రిస్, వాళ్లను చూడగానే సమోసాల డబ్బా మూత తీశాడు.

"మా ఆవిడ చేసింది. తినమ్మా, ఇక్కడ రుచిగా ఉండేది ఇదొక్కటే. ఆట జోలికి పోకు."

"అదుగో, తన్నాడు చూడు," అంది మేవిస్. "బంతి ఇటు, వాడి కాలు అటు. నా చేతికర్రను ఆటలోకి దింపినా మేలు."

మొదటి సగంలోనే థార్న్‌లీ మూడు గోల్స్ వెనకబడింది. అయినా టెస్సా ఎన్నిసార్లు నవ్విందో ఆమెకే తెలియలేదు. పాప నుదురు ఒక్కసారే ముట్టుకుని చూసింది.

విరామానికి ఈల మోగింది. పాల సీసా కడిగి తెస్తానని నీల్ టీ గదికి వెళ్లాడు. టెస్సా వంగి పాప బండిలో దుప్పటి సర్దింది, కింద పడ్డ మేజోడు వెతికి తొడిగింది. తలెత్తి చూస్తే కడ్డీ దగ్గర ఎవరూ లేరు. మేవిస్ లేదు. ఇద్రిస్ లేడు. ఆ గోల్ వెనకంతా ఖాళీ.

మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైనట్టనిపించింది. మొహమాటానికి పలకరించారు, అయిపోయింది, వెళ్లిపోయారు. వాళ్లతో పాటు నీల్ కూడా. తను ఎక్కడ నిలబడినా ఇంతే. కన్నీళ్లు రాకముందే బయటపడాలని బండిని గేటు వైపు తిప్పింది.

"టెస్సా! ఎటు పోతున్నావు?"

మైదానం మూల జెండా దగ్గరనుంచి మేవిస్ చేతికర్ర ఊపుతూ కుంటుకుంటూ వస్తోంది. వెనక ఇద్రిస్. ఆ వెనక సీసా పట్టుకుని నీల్ పరుగెత్తుకొస్తున్నాడు.

"మీరంతా వెళ్లిపోయారనుకున్నాను," అంది టెస్సా.

"విరామం తర్వాత జట్లు వైపులు మారతాయి కదా, మనవాళ్లు ఇప్పుడు అవతలి గోల్‌లో కొట్టాలి. మనం కూడా నడిచి అటు వెళ్లి నిలబడతాం. యాభై ఏళ్లుగా ఇంతే." మేవిస్ నీల్ వైపు తిరిగింది. "ఈ పిల్లకి చెప్పలేదురా నువ్వు?"

"నువ్వు తీసుకెళ్తున్నావనుకున్నాను."

"నువ్వు తీసుకొస్తావని నేననుకున్నాను. మూల దగ్గర లెక్కపెడితే ఒకరు తక్కువ."

ఈలోగా ఆట మళ్లీ మొదలైనట్టుంది, వాళ్ల వీపుల వెనక కేకలు లేచాయి. నలుగురూ గిర్రున తిరిగి చూశారు. అవతలి గోల్ ముందు థార్న్‌లీ కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు పడి కౌగిలించుకుంటున్నారు.

ఇద్రిస్ నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏడు వారాలకి ఒక గోల్. నేను చూసింది గేటు."

"నా వల్లే," అంది టెస్సా.

"పోనీలే తల్లీ, మళ్లీ కొడతారు," అంది మేవిస్.

"ఎప్పుడు?" అన్నాడు నీల్.

"వచ్చే ఏడు," అందావిడ. ముందుగా నవ్వింది టెస్సాయే. నవ్వుతూనే ఏడ్చింది. నీల్ ఒక చేత్తో బండి తోస్తూ, రెండో చేత్తో ఆమె చేయి పట్టుకున్నాడు. బురదలో మైదానం చుట్టూ నడుస్తూ, అతను నెమ్మదిగా అన్నాడు, "ఆ రోజు నీ పక్కన నేను ఉండాల్సింది."

"ఊఁ," అంది టెస్సా. చేయి వదల్లేదు.

రెండు వారాల తర్వాత సొంత మైదానంలో మళ్లీ ఆట. విరామానికి ఈల మోగింది. జనం అవతలి గోల్ వైపు నడిచారు. మూల జెండా దగ్గర టెస్సా ఆగి వెనక్కి తిరిగి చూసింది. నీల్, ఇద్రిస్, బండిలో కందిరీగ టోపీ.

"మీరు నడుస్తూ ఉండండి," అంది.

చలికి మోకాలు పట్టేసి, మేవిస్ ఇంకా పాత కడ్డీ దగ్గరే ఆగిపోయింది. టెస్సా బండి నీల్‌కి అప్పజెప్పి, అవతలి గోల్‌కు వీపు పెట్టి, ఆవిడ కోసం వెనక్కి నడిచింది.