తువ్వాల కింద నిద్ర

ఆ పొద్దున గంగాధరప్ప ఇంట్లో గొడవ స్నానం దగ్గర మొదలైంది.

"నీళ్ళు తోడినావా?" అని అడిగాడు గంగాధరప్ప, పంచె ఎగగట్టుకుని పెరట్లో నిలబడి.

పొయ్యి దగ్గర ఉగ్గానికి బొరుగులు తడుపుతున్న హనుమక్క వెనక్కి తిరక్కుండానే చెప్పింది. "ఇప్పుడే పోసుకుంటివి కదయ్యా."

"యాడ పోసుకుంటి?"

"ఈడే. తల తడిమి చూసుకో, ఇంకా కారతాండాది."

గంగాధరప్ప తల తడుముకున్నాడు. తడిగానే ఉంది. చెమట అన్నాడు. మాఘమాసంలో, పొద్దున ఏడు గంటలకు, చెమట పట్టిందన్నాడు. తీగ మీద ఆరేసిన తడి పంచె చూపిస్తే అది కొడుకుదన్నాడు. కోడలు రత్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి తప్పుకుంది. ఎవరి మాటా నెగ్గకపోయేసరికి గంగాధరప్ప చన్నీళ్ళతోనే రెండోసారి పోసుకుని, పళ్ళు టకటకలాడిస్తూ వచ్చి, తాను మొదటినుంచీ చెప్తున్నట్టు ఇవాళ ఒక్కసారే స్నానం చేశానన్నాడు.

ఆ రోజుల్లో హిందూపురంలో గంగాధరప్ప అంటే పశువుల దళారి. యాభై రెండేళ్ళ మనిషి. తలుపుల ఊరి నుంచి తాడిమర్రి దాకా ఏ రైతు దొడ్లో ఏ ఎద్దు ఉందో, దాని సుడి నొసట ఉందో మూపున ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడని పేరు. రెండేళ్ళుగా మెలకువగా ఉన్నప్పుడు అడిగినా చెప్పలేకపోతున్నాడు. మనిషి లావెక్కాడు, మెడ పొట్టిదైంది, చిన్నమాటకు పెద్ద కోపం వస్తోంది. కూర్చున్నచోట కునుకు పడుతోంది.

సంత రోజున పెనుకొండకు పోవడానికి పాసింజరు ఎక్కేవాడు. హిందూపురం స్టేషను దాటకముందే నిద్రపట్టేది. పెనుకొండ వచ్చేది, పోయేది. ధర్మవరంలో టీ అమ్మేవాళ్ళ కేకలకు లేచేవాడు. ఆ ఊళ్ళోనే ఉన్న చెల్లెలు చౌడక్క ఇంట్లో అన్నం తిని తిరుగుబండి ఎక్కితే, మళ్ళీ పెనుకొండ వెనకపడిపోయి హిందూపురంలో మెలకువ వచ్చేది. అట్లా మూడు వారాలు సంతకు పోయి వచ్చానని ఇంట్లో చెప్పాడు. 'అన్న వారం వారం నన్ను చూసిపోతాండాడు, మీకెవరికీ తీరుబడి లేదా' అని చౌడక్క కార్డు రాస్తేగాని సంగతి బయటపడలేదు.

నాలుగో వారం, పక్కనున్న ముసలమ్మ ఒళ్ళో మేకపిల్ల పంచె నమిలితే మెలకువ వచ్చి, పెనుకొండలో దిగగలిగాడు. దిగకపోయినా బాగుండేదని ఈ ఉగ్గాని పొద్దున తేలింది.

గంగాధరప్ప ఇంకా వణుకుతుండగానే తలుపుల ఊరి కుళ్ళాయప్ప గడప తొక్కాడు. ఎద్దుల జత అమ్ముకున్న రైతు.

"ఏమప్పా గంగాధరప్పా, నీ చెయ్యి నమ్మి నా చెయ్యి ఇస్తే ఇట్లేనా చేసేది?"

"ఏం చేసినానప్పా?"

"నా ఎద్దులు."

"ఏ ఎద్దులు?"

నిజంగానే అడిగాడు గంగాధరప్ప. కుళ్ళాయప్పకు ఆ మాటతో కోపం రెట్టింపైంది. గుమ్మంలోనే నిలబడి జరిగిందంతా వీధికి వినపడేటట్టు చెప్పాడు.

పశువుల సంతలో ధర నోటితో పలకరు. దళారి, రైతు చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. లోపల ఏ వేలు పట్టుకుంటే ఎంతో వాళ్ళిద్దరికే తెలుస్తుంది. చెయ్యంతా కలిపి పట్టుకుంటే బేరం కుదిరినట్టు. ఆ రోజు కుళ్ళాయప్ప తన ధర వేళ్ళమీద చెప్పి ఊరుకున్నాడు. గంగాధరప్ప వేళ్ళు కదల్లేదు. ముఖంలోకి చూస్తే కళ్ళు సగం మూసి, పటంలో దేవుడిలా ఉన్నాడు. ఎక్కువ చెప్పానేమో అనుకుని కుళ్ళాయప్ప కొంచెం తగ్గాడు. అయినా ఉలుకు లేదు. ఇంకొంచెం తగ్గాడు. ఇంత ఆరితేరిన దళారి ఇంత బిగదీసుకుని కూర్చున్నాడంటే ఎద్దుల్లో తన కంటికి ఆనని లోపమేదో ఉందని గుండెలో దిగులు పట్టుకుంది. మూడోసారి కూడా తగ్గాక, గంగాధరప్ప గుర్రుమని ఒక్క ఊపిరి పీల్చి, బావిలో పడ్డవాడు మోకు పట్టుకున్నట్టు చెయ్యంతా గట్టిగా పట్టేశాడు. కొనడానికి వచ్చిన ఎర్రమంచి సుంకప్ప ఆ ధరకే ఎద్దులను తోలుకుపోయాడు.

"నేను నిద్రపోయినట్టుండాను కుళ్ళాయప్పా," అన్నాడు గంగాధరప్ప.

కుళ్ళాయప్ప నోరు తెరిచినవాడు మూయలేదు. "అంటే, అంతసేపు నన్ను నేనే తగ్గించుకుంటినా?"

హనుమక్క పళ్ళెం నిండా ఉగ్గాని తెచ్చి అతని చేతిలో పెట్టింది. కోపం తగ్గకుండానే తిని, ఇంకో మిరపకాయ బజ్జీ అడిగి మరీ తిని, పోతూ పోతూ ఒకమాట అన్నాడు. నీ చేతిలో ఇంక ఎవడూ చెయ్యి పెట్టడప్పా, అని.

దళారికి ఆస్తి ఆ చెయ్యే. గంగాధరప్ప అరచేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

కొడుకు వెంకటేశులు బడిపంతులు. బడికి బయలుదేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటూనే తీర్పు చెప్పేశాడు. నాయనకు మెదడు అరిగిపోయిందనీ, ఈ వయసుకే చాదస్తం వచ్చిందనీ, ఊరంతా నవ్వకముందే సంత మానిపించి ధర్మవరంలో అత్త దగ్గర పెట్టడం మేలనీ అన్నాడు. ఎట్లాగూ వారం వారం ఆడికే పోతున్నాడు కదా అన్నాడు.

గంగాధరప్ప మారు మాట్లాడలేదు. అదే హనుమక్కకు మనసులో గుచ్చుకుంది. చిన్నమాటకు ఇల్లెగరగొట్టే మనిషి.

"మెదడు అరగలేదు," అంది. "దానికి నిద్ర లేదు."

"నిద్ర లేదా? నాయన గురకకు రైలొచ్చిందని వీధిలోవాళ్ళు మూటలు సర్దుకుంటాండారు."

"గురక పెడితే నిద్రపోయినట్టా? ఆదివారం మధ్యాన్నం నా దగ్గర కూర్చో. చూపిస్తా. అంతవరకు ఆయన్ను యాడికి పంపేదీ లేదు."

ఆదివారం రెండు ముద్దల సంగటి తిని గంగాధరప్ప నడవాలో వెల్లకిలా పడుకున్నాడు. హనుమక్క కనకాంబరాలు ఒళ్ళో పోసుకుని మాల కడుతూ, కొడుకును పక్కన కూర్చోబెట్టుకుంది. గురక మొదలైంది, పెరిగింది, పైకప్పు దాకా పోయింది. చటుక్కున ఆగిపోయింది.

"ఇప్పుడు నువ్వూ ఊపిరి బిగబట్టు," అంది హనుమక్క. "నాయన వదిలినప్పుడు వదులు."

వెంకటేశులు నవ్వుతూనే బిగబట్టాడు. తండ్రి రొమ్ము ఎగరాలని చూస్తోంది గాని గాలి పోవడం లేదు. హనుమక్క ఒక పువ్వు కట్టింది, రెండు, మూడు. కొడుకు ముఖంలో నవ్వు పోయింది. ఆరో పువ్వు దగ్గర గంగాధరప్ప ఒక్కసారి ఉలిక్కిపడి, గుర్రుమని గాలి మింగి, కళ్ళు తెరవకుండానే మళ్ళీ గురకలో పడ్డాడు. వెంకటేశులు ఉఫ్ మన్నాడు. నిముషం తిరక్కుండా మళ్ళీ ఆగింది. రెండోసారికి కొడుకు చెవులు ఎర్రబడ్డాయి. మూడోసారి ఎనిమిది పూలు పట్టింది. వెంకటేశులు ఐదో పువ్వుకే చేతులెత్తేసి, "అమ్మా, లేపు, నాయన్ను లేపు," అని తండ్రి భుజం తానే పట్టుకుని కుదిపేశాడు.

గంగాధరప్ప లేచి కూర్చుని, నన్ను నిద్రపోనియ్యరా అని ఇద్దరినీ తిట్టి, ఆ తిట్టు పూర్తికాకుండానే పడుకున్నాడు.

"రాత్రంతా ఇదే," అంది హనుమక్క. "నూరుసార్లు చస్తాడు, నూరుసార్లు లేస్తాడు. ఒక్కటీ ఆయనకు గుర్తుండదు. నిన్ను అట్లా ఒక్క రాత్రి చేస్తే పొద్దున నీ పెండ్లాం పేరు నీకు గుర్తుంటాదా?"

వెంకటేశులు పంచెతో కళ్ళు తుడుచుకున్నాడు. ఊపిరి బిగబట్టినందుకు నీళ్ళు వచ్చాయన్నాడు.

మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన గంగాధరప్పను ఒక్క ప్రశ్న అడిగి, మిగతావన్నీ హనుమక్కను అడిగాడు. పడుకున్నప్పుడు గొంతు లోపల దారి మూసుకుపోతోందనీ, గాలి అందక మెదడు భయపడి మనిషిని లేపుతోందనీ, రాత్రంతా కాపలా కాసిన మెదడు పగలు పని ఎట్లా చేస్తుందనీ చెప్పాడు. జ్ఞాపకం, నిదానం, ఓర్పు, ఇవన్నీ అలసిపోతాయట. ఇలాంటివాళ్ళను ఇద్దరు ముగ్గురిని చూశాను గాని దీనికి పేరు నేను చదివిన పుస్తకాల్లో లేదమ్మా అన్నాడు. మందు రాయలేదు. ఒళ్ళు తగ్గాలి, వెల్లకిలా పడుకోకూడదు, అంతే. ఇదంతా ఆయన చెప్తున్నంతసేపూ గంగాధరప్ప స్టూలు మీద కూర్చుని నిద్రపోయాడు.

ఆ సాయంత్రం హనుమక్క గుప్పెడు చింతగింజలు గుడ్డసంచిలో పోసి, భర్త బనియను వీపుమీద కుట్టేసింది. వెల్లకిలా తిరిగితే గింజలు గుచ్చుకుని పక్కకు ఒత్తిగిల్లక తప్పదు. సంగటి రెండు ముద్దలు ఒకటైంది. గంగాధరప్పకు గింజల కంటే ఆ రెండో ముద్ద మీదే బెంగ. వియ్యంకుడొచ్చినప్పుడు కూడా ఒక్కటే పెట్టిందని వీధిలో చెప్పుకున్నాడు.

గురక పోలేదు. కానీ ఊపిరి ఆగడం తగ్గింది. రెండు నెలలకు నడుమున పంచె ముడి ఇంకో మడత పడింది. ఒక పొద్దున కాఫీ తాగుతూ, ఎవరూ అడక్కుండానే, కుళ్ళాయప్ప జతలో ఎడమదానికి సుడి మూపున ఉండాదనీ, అది లక్షణమైన ఎద్దనీ అన్నాడు. అని, గ్లాసు కింద పెట్టేశాడు. ఆ మాట ఆ రోజు సంతలో చెప్పవలసిన మనిషి తానే.

ఆ ఆదివారం అందరూ భోజనానికి కూర్చున్నారు. హనుమక్క వడ్డిస్తోంది. కొడుకు పళ్ళెంలో పప్పు పోసి, ఇంకో గరిటె పోసి, ఇంకోటి కూడా పోసింది. వెంకటేశులు చాలమ్మా అన్నా ఆగలేదు. గంగాధరప్ప తలెత్తి చూశాడు. నాలుగో గరిటె పట్టుకుని, నిలబడే, కళ్ళు మూసి ఉంది.

"ఏమే, నిద్రపోతాండావా?"

"ఎవరు? నేనా? యాడ?" అంది హనుమక్క కళ్ళు తెరిచి. పప్పు చిక్కగా ఉందో లేదో చూస్తున్నానంది.

రత్నమ్మ పళ్ళెం పక్కకు జరిపింది. అత్త వంటకు వంక పెట్టినవాళ్ళు ఆ ఇంట్లో అంతవరకు లేరు.

"అత్తా, కోపం చేసుకోవద్దు. మూడు నెలలుగా పప్పులో ఉప్పు నేనే చూసుకుంటాండా. నువ్వు ఒకనాడు వెయ్యవు, ఒకనాడు రెండుసార్లు వేస్తావు."

"నాకు చెప్పలేదే?"

"చెప్తే ఒప్పుకుంటావా?"

వెంకటేశులు నవ్వాడు. గంగాధరప్ప నవ్వలేదు. తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడల్లా తన భుజం మీద ఒక చెయ్యి ఉండడం ఆయనకు ఇప్పుడిప్పుడే గుర్తుంటోంది.

"ఎన్నాళ్ళ నుంచి మేలుకొని నన్ను తట్టతాండావు?"

"అదొక పనా, లెక్కపెట్టడానికి."

"అడుగుతాండా కదా."

హనుమక్క గరిటె వైపు చూస్తూ చెప్పింది. "నీకు ఊపిరి ఆగితే నాకూ ఆగిపోతాది. మళ్ళా వచ్చేదాకా కన్ను ఎట్ల మూసేది?"

గంగాధరప్ప గొంతు సవరించుకున్నాడు. సంతలో ధర తెగినప్పుడు వాడే గొంతు అది. రెండేళ్ళుగా ఆ ఇంట్లో వినపడలేదు.

"చెప్తాండా, వినండి. వచ్చే సంతకు పెనుకొండకు పోతా. సుంకప్పను, కుళ్ళాయప్పను ఎదురెదురుగా కూర్చోబెట్టి ఆ బేరం పదిమందిలో మళ్ళా చేస్తా. సుంకప్ప ఒప్పుకోకపోతే కాళ్ళు పట్టుకుంటా. అది నా పని. ఇంక ఈ రాత్రి నుంచి మీ అమ్మ చాప లోపలి గదిలో. తలుపు మూసుకోవాల. నా పక్కన వెంకటేశులు పడుకుంటాడు. నన్ను ఒత్తిగిలబెట్టే పని వానిది."

"నాకు పొద్దున బడి ఉండాది నాయనా," అన్నాడు వెంకటేశులు.

"బడిలో నిద్రపో. పిల్లోళ్ళు సంతోషిస్తారు."

హనుమక్క ఆ తీర్పులో లోపం కోసం వెతికింది. వానికి సరిగ్గా తట్టడం రాదనీ, భుజం కాదు, పక్కటెముక దగ్గర తట్టాలనీ, తనకు ఒంటరిగా పడుకుంటే నిద్రే రాదనీ అంది. గంగాధరప్ప తన పక్కన పీట జరిపి, కూర్చో అన్నాడు. రత్నమ్మ ఆమె చేతిలో గరిటె తీసుకుని పళ్ళెం పెట్టింది.

ఆమె కూర్చుంది. రెండో ముద్ద కలుపుతూనే తల భర్త భుజం మీదికి వాలింది. లేపబోయిన కోడలిని గంగాధరప్ప కళ్ళతోనే ఆపాడు. తర్వాత ఆ ముగ్గురూ చారు జుర్రకుండా, గిన్నె కదపకుండా, పళ్ళెంలో పెట్టుకున్న వడియాలు ఒక్కటీ కొరక్కుండా అన్నం తిన్నారు.