ఒక్క బేలు కోసం నలభై లక్షలు

1996 డిసెంబర్ 26. ఉదయం పదకొండు గంటలకు ఆదిలాబాద్ ఎక్స్‌ప్రెస్ కరీంనగర్ బస్టాండులో ఆగింది. అందరూ దిగారు. ఏడో నంబరు సీట్లో కూర్చున్న పెద్దమనిషి మాత్రం దిగలేదు. కండక్టర్ రెండుసార్లు పిలిచాడు, భుజం తట్టాడు, తర్వాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చనిపోయినవాడి పేరు దామోదర్‌రావు. జేబులోని కార్డు మీద 'ఆడిటర్' అని ఉంది. అసలు ఉద్యోగం గూఢచారి శాఖలో, పంతొమ్మిదేళ్ల సర్వీసు. చెవి వెనక సూది దిగినంత మచ్చ ఒక్కటే కనిపించింది.

మార్చురీలో సంతకం పెట్టి శవాన్ని గుర్తించినవాడు ఏజెంట్ కె-11, లింగమూర్తి. దామోదర్‌రావుతో పదకొండేళ్లు కలిసి పనిచేశాడు. ఏడుపు రావాలి, రాలేదు. కోపమైనా రావాలి, అదీ రాలేదు. బయటికొచ్చి టీ తాగితే అందులో చక్కెర వేశారో లేదో తెలియలేదు.

కరీంనగర్‌లో ఒక గ్రానైట్ ఎక్స్‌పోర్ట్స్ బోర్డు ఉంది. దాని వెనక మేడ మీది గదిలో రాళ్ల వ్యాపారం జరగదు. అక్కడ చీఫ్ మధుసూదన్‌రావు టేబుల్ మీద ఒక పుస్తకం పడేశాడు. అది ఆదిలాబాద్‌లోని ఒక పత్తి జిన్నింగ్ మిల్లు వార్షిక నివేదిక.

"దామోదర్ సంచిల ఇదొక్కటే మిగిలింది. పద్నాలుగో పేజీ మడిచిపెట్టిండు. ఏమున్నదయ్యా గీ పేజీల? నాకైతే అంకెలే కనవడుతున్నయి."

లింగమూర్తి పేజీ తెరిచాడు. పైన 'క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్' అని ఉంది. లిస్టెడ్ కంపెనీలు ఆ పేజీ వేసి తీరాలన్న రూలు వచ్చి ఎంతో కాలం కాలేదు. వేసినవాళ్లూ దాన్ని చదవలేదు, కొన్నవాళ్లూ చదవలేదు.

"లాభం కోటి తొంభై లక్షలు చూపెట్టిండ్రు" అన్నాడు చీఫ్. "బ్యాంకుల నగదు పెరిగింది. షేరు రేటు పెరిగింది. మంచిగనే ఉన్నది కద?"

"నగదు ఏడికెళ్లి పెరిగిందో చూడాలె సార్. గీ పేజీల మూడు భాగాలుంటయి. రోజువారీ వ్యాపారంల వచ్చిపోయే పైసలు మొదటిది. ఆస్తులు కొంటే పోయేటివి, అమ్మితే వచ్చేటివి రెండోది. దాన్నే ఇన్వెస్టింగ్ అంటరు. అప్పులు, షేర్లు, డివిడెండ్లు మూడోది."

"అయితే?"

"సిరిసిల్లల మా బాపుకు నాలుగు సాంచాలుండె సార్, మరమగ్గాలు. ఒక ఏడు రెండు అమ్మిండు. ఆ నెల మా ఇంట్ల ఉన్నన్ని పైసలు మళ్ల ఎన్నడు లేవు. బాగుపడ్డరని వాడకట్టోళ్లు అనుకున్నరు." లింగమూర్తి వేలు రెండో భాగం మీద ఆగింది. "ఎదుగుతున్న కంపెనీకి గీ పద్దు మామూలుగ మైనస్‌ల ఉంటది. మిషన్లు కొంటది, షెడ్లు కడ్తది. ఆ మైనస్ చూసి ఫికర్ చెయ్యద్దు. వీళ్లది రెండు కోట్ల ఇరవై లక్షలు ప్లస్. హుస్నాబాద్ గోదాము అమ్మిండ్రు. కరీంనగర్ జాగ అమ్మిండ్రు. వ్యాపారంల చూస్తే కోటి పది లక్షలు ఎదురు పోయినయి."

"అంటే దుకాణం బంద్ చేస్తుండ్రా?"

"చేస్తుండ్రు. కానీ గీ ప్లస్ నెట్ అంకె సార్, వచ్చినయిల పోయినయి తీసేస్తే మిగిలింది. విడివిడిగ చూస్తే అమ్మినయి రెండు కోట్ల అరవై లక్షలు. కొన్నది ఒక్కటే, నలభై లక్షల మిషనరీ. మిల్లు ఇడిచిపెట్టి పోయేటోడు కొత్త మిషన్ ఎందుకు కొంటడు?"

చీఫ్ సిగరెట్ వెలిగించి మర్చిపోయాడు. ఆ మిల్లు మేనేజింగ్ డైరెక్టర్ రామేశ్వర్‌రావు. అతని వెనక 'గ్రే హార్బర్' అనే విదేశీ ముఠా ఉందని శాఖకు రెండేళ్లుగా అనుమానం. కాగితం మీద ఒక్క రుజువు కూడా దొరకలేదు.

"ఎల్లుండి వాళ్ల షేర్‌హోల్డర్ల మీటింగు" అన్నాడు చీఫ్. "పో. అక్కడ మన మనిషి ఉన్నది. తారాబాయి, కంపెనీ సెక్రటరీ. మనకు పని చేస్తది. వాళ్లకు కూడ చేస్తది. దామోదర్ బస్సెక్కిన ముచ్చట ముగ్గురికే ఎరుక. నాకు, నీకు, ఆమెకు. జర చూసుకో."

డిసెంబర్ 28, మధ్యాహ్నం మూడు గంటలు. మిల్లు ఆవరణలో షామియానా వేశారు. వచ్చిన నూట యాభై మందిలో చాలామంది స్టీలు టిఫిన్ డబ్బా కోసం వచ్చారు. మీటింగుకు వచ్చిన ప్రతి షేర్‌హోల్డరుకూ ఒక డబ్బా, రెండు లడ్డూలు. లింగమూర్తి తెల్ల ధోవతి, నల్ల కోటు, పెట్టుడు మీసాలతో ఐదో వరుసలో కూర్చున్నాడు. ఆ రోజుకు అతను హుస్నాబాద్ పత్తి వ్యాపారి. జేబులో మామూలు కాలిక్యులేటర్ ఉంది. దాని 'ఈజ్ ఈక్వల్ టు' మీట మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే బయట జీపులో ఉన్న ఇద్దరికి వైర్‌లెస్‌లో కబురు అందుతుంది.

రామేశ్వర్‌రావు ఇరవై శాతం డివిడెండ్ ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. లింగమూర్తి లేచి నిలబడ్డాడు.

"పద్నాలుగో పేజీల నలభై లక్షలు పెట్టి మిషన్ కొన్నమని రాసిండ్రు. మేం జర చూడచ్చా?"

"క్రేట్లల్లనే ఉన్నది సేటు. ఫారిన్ ఇంజనీరు రాలే. ఆయన వచ్చినంక అందరికి చూపెడ్త" అని రామేశ్వర్‌రావు నవ్వాడు. జనం డబ్బాల వైపు కదిలారు.

డబ్బాలు పంచుతున్న టేబుల్ దగ్గర తారాబాయి ఉంది. నీలం పట్టుచీర, స్లీవ్‌లెస్ జాకెట్టు, కళ్లకు నల్లద్దాలు. డబ్బా కోసం రానివాళ్లు ఆమెను చూడ్డానికే మీటింగుకు వచ్చారంటే రిజిస్టరులో సంతకాలు కాదనవు.

"పింజ పొడుగెంత?" అని లింగమూర్తి గుర్తు మాట అన్నాడు.

"ఇరవై తొమ్మిది మిల్లీమీటర్లు, మబ్బు పట్టకపోతే" అంటూ ఆమె డబ్బా అందించింది. "కాటా రూముల కూసోండి. ఐదు నిమిషాలల్ల వస్త."

కాటా రూములో ఆమె నల్లద్దాలు తీసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. లింగమూర్తి వాటిని చూశాడు.

"పుస్తకంల లెక్కలు జూన్ దాకనే ఉన్నయి. ఆ తర్వాత ఇంకేమేం అమ్మిండ్రు?" అన్నాడు.

"అన్ని. ఈ కాటా కూడ. కొన్నోళ్లకు రేపు పొద్దుగాల స్వాధీనం చెయ్యాలె. దస్తావేజులు నేనే టైపు చేసిన."

"అంటే ఆ మిషన్‌తోని చేసే పని ఏదైనా ఇయ్యాలనే కావాలె. ఏడున్నది?"

"మూడో నంబరు గోదాముల. నన్ను కూడ రానియ్యరు. హమాలీల ముకద్దం గంగయ్య ఒక్కడే పోయిండు."

గంగయ్య మూడో గోదాము అరుగు మీద కూర్చుని కొబ్బరి ముక్క నములుతున్నాడు. యాభై ఐదేళ్లుంటాయి, మీసాల నిండా పత్తి నూగు. గోదాము గడప మీద కొబ్బరికాయ పీచు, పసుపు, కుంకుమ ఉన్నాయి. క్రేట్లలో ఉన్న మిషన్‌కు ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. లింగమూర్తి అరుగు మీద పక్కనే కూర్చున్నాడు.

"మిషన్ నడిచిందా గంగయ్యా?"

"నడిచింది సేటు. చిన్న ప్రెస్సు, మంచిగున్నది. నిన్న ఒక్కటే పత్తి బేలు కొట్టిన. నడుమ ఒక డబ్బా పెట్టి కొట్టుమన్నడు దొర. తేమ చూసే మిషనట. చాలు, బంద్ చెయ్యుమన్నడు. గంత పెద్ద మిషన్ తెచ్చి ఒక్క బేలా అని నాకే పరేషాన్ అయ్యింది."

"ఆ బేలు ఏడున్నది?"

"ఇందాక లారీల పోయింది. అరవై బేళ్ల లోడు. పెన్‌గంగ అవతల మందుగుండు ఫ్యాక్టరీకి. వాళ్లు పత్తితోని బారూదు చేస్తరు కద."

పత్తిని నొక్కి బేళ్లు కట్టే పెద్ద ప్రెస్సు దగ్గర పాతికమంది హమాలీల కళ్లుంటాయి. అందరి ముందూ బేలులో బాంబు పెట్టలేరు. అందుకే ఆ నలభై లక్షలు. లింగమూర్తి కాలిక్యులేటర్ తీసి మీట నొక్కి పట్టుకున్నాడు. షామియానా వైపు జీపు కదిలిన చప్పుడు వినిపించింది.

వెనకే వచ్చిన తారాబాయి అంతా వింది. "ఆరు గంటలలోపు గేటు లోపట దింపాలె, లేకుంటే కిరాయి లేదు అని దొర ఆర్డర్‌ల రాయించిండు" అంది. "ఎందుకో నాకు సమజ్ కాలే. ఆరింటికి అక్కడ షిఫ్టు మారుతది. మూడు వందల మంది గేటు దగ్గరనే ఉంటరు. మా తాయి లీలాబాయి ప్యాకింగ్‌ల పని చేస్తది."

తాయి అంటే సొంత అక్క. అప్పుడు టైము ఐదుకు పది నిమిషాలు తక్కువ. మిల్లులో ఎస్టీడీ లైను లేదు, ఫ్యాక్టరీకి ట్రంక్ కాల్ బుక్ చేస్తే ఆపరేటర్ నలభై నిమిషాలంది. వంతెన ముందున్న చెక్‌పోస్టుకు మూడుసార్లు ఫోన్ చేశారు. మూడుసార్లూ ఎంగేజ్.

కంపెనీ కాంటెసా కారు తారాబాయి నడిపింది. గంగయ్య వెనక సీట్లో సుత్తె, ఉలి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నిన్న బేలులో ఏం పెట్టి కొట్టాడో అతనికి చెప్పారు.

"దామోదర్ సీటు నంబరు వాళ్లకు చెప్పింది నేనే" అంది తారాబాయి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "సంచి గుంజుకుంటరనుకున్న. చంపుతరనుకోలే."

ఈ మాట కోసం లింగమూర్తి రెండు రోజులుగా ఎదురుచూస్తున్నాడు. విన్నాక కూడా లోపల ఏదీ కదలలేదు. మొద్దుబారిన చెయ్యి మీద ఇంకోసారి గిల్లినట్టుంది. "ముంగట ఎడ్లబండి ఉన్నది, చూడండి" అన్నాడు.

చెక్‌పోస్టు ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. టైము ఐదూ ముప్పై ఎనిమిది. మిల్లు లారీ వంతెన మొదట్లో, గేటు దగ్గర రెండోది. దాటితే మూడు కిలోమీటర్లలో ఫ్యాక్టరీ. లింగమూర్తి ఐడెంటిటీ కార్డు చూపించి గేటు కిందికి దించాడు. వంతెన మీద జనాన్ని దూరం తరమమని పోలీసులకు చెప్పాడు. ఫోన్‌లో అల్లుడితో మాట్లాడుతున్న క్లర్కు రిసీవర్ పెట్టేసి అందరికంటే ముందు పరిగెత్తాడు.

లోడు మీద కప్పిన తాడిపత్రి పీకారు. అరవై బేళ్లు, ఒకే గోనె, ఒకే ముద్ర. నంబర్లన్నీ కొత్తగా వేశారు. ఏది ఏదో తయారుచేసినవాడికి కూడా తెలియకూడదని ముఠా ఆ జాగ్రత్త తీసుకుంది.

"అరవై ఇప్పుడెట్ల ఇప్పుతరు?" అంది తారాబాయి.

గంగయ్య లారీ ఎక్కాడు. "అన్ని ఇప్పే పనిలేదమ్మా. దానికి బొట్టున్నది."

"ఏం బొట్టు?"

"కొత్త మిషన్ బోణీ బేలు. కొబ్బరికాయ కొట్టి, ఇనుప పట్టీకి కుంకుమ పెట్టకుండ ఎట్ల పంపుత? దొర కూడ చూసిండు, ఏమనలే."

రామేశ్వర్‌రావు ఏమంటాడు? పుట్టినప్పటి నుంచి కొత్త ప్రతిదానికీ బొట్టు చూసినవాడు. తలుపుకుందని తలుపును ఆపడు, కారుకుందని కారును ఆపడు. నంబర్లు మార్పించిన మనిషికి కుంకుమ ఒక గుర్తని తట్టనే లేదు.

బొట్టున్న బేలు మూడో వరుసలో, కింద దొరికింది. పైవాటిని నలుగురు హమాలీలు దొర్లించారు. ఐదూ యాభై నాలుగు. గంగయ్య ఉలి పెట్టి పట్టీలు ఒక్కొక్కటే తెంచాడు. నొక్కి ఉన్న పత్తి ఉబ్బి మీదికొచ్చింది. లింగమూర్తి మోచేతుల దాకా లోపలికి దూర్చి వెతికాడు. చేతికి చల్లగా ఇనుము తగిలింది. బయటికి లాగితే ఎర్ర అంకెలు పంతొమ్మిది చూపిస్తున్నాయి. పద్దెనిమిది. అతను వంతెన రెయిలింగు దాకా నడిచాడు, పరిగెత్తాలని కూడా అనిపించలేదు. శక్తి కొద్దీ విసిరాడు. పెన్‌గంగ ఒక్కసారి పైకి లేచి, అందరి మీదా పడింది.

అవతలి ఒడ్డున ఆరు గంటల సైరన్ మోగింది. ఫ్యాక్టరీలో షిఫ్టు మారింది.

ధాబా పక్కన ఎస్టీడీ బూత్‌లో తారాబాయి అక్కతో మాట్లాడుతోంది. తడిసిన పట్టుచీరతో నిలబడి, "ఇయ్యాల ఏం వండినవ్ తాయి?" అని అడుగుతోంది. అవతల నుంచి ఏదో వింటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గంగయ్య రోడ్డు పక్కన కూర్చుని, విప్పిన పత్తిని ఊరికే సర్దుతున్నాడు.

లింగమూర్తి చెక్‌పోస్టు ఫోన్‌లో చీఫ్‌తో మాట్లాడాడు.

"రామేశ్వర్‌రావు దొరికిండు" అన్నాడు చీఫ్. "ముఠా పేర్లు ఇస్తుండు. ఇగ తారాబాయి సంగతి చెప్పు. ఆమె మనదా, వాళ్లదా?"

"దామోదర్‌ను అమ్మింది ఆమెనే సార్. ఇయ్యాల మూడు వందల మందిని కాపాడింది కూడ ఆమెనే."

"మూడు వందల ముంగట ఒక్కడు. మొత్తం మీద మనకే లాభం. గట్లనే రాసి మూసెయ్యి."

నది నీళ్లనుకుని లింగమూర్తి కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ తడిశాయి. రెండు రోజులుగా రాని ఏడుపు అదని అతనికి తెలిసింది.

"నెట్ చెయ్యకండి సార్" అన్నాడు. "రెండు వరుసలల్ల రాయండి. దామోదర్ ఒక వరుసల, వాళ్లు ఒక వరుసల."

అవతల కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది.

"మన ఫారంల ఒక్కటే గడి ఉన్నదయ్యా" అన్నాడు చీఫ్.