కాగితం గోడల ఇల్లు

కెనడాలోని బర్నబీలో డిసెంబరు వచ్చిందంటే నాలుగున్నరకే చీకటి. కొండ మీది యూనివర్సిటీ వైపు నుంచి పొగమంచు దిగుతుంది. ముందు చెట్లు కనబడవు. తర్వాత వీధి దీపాలు. ఆ తర్వాత ఎదురొచ్చే కార్లు. ఆ సాయంత్రం కూడా అలాగే ఉంది. చరిత డ్రైవ్ చేస్తోంది. నేను పక్క సీట్లో కాఫీ కప్పుతో చేతులు వెచ్చబెట్టుకుంటున్నాను.

"గంట పని చంద్రీ, అంతే," అంది చరిత. "గదులన్నీ ఒక రౌండ్ తిరుగు. లైట్లు వెలుగుతున్నాయా, ఆరుతున్నాయా చూసి ట్యాబ్‌లో ఓకే కొట్టెయ్. సోమవారం నుంచి ప్రాజెక్ట్ నీది."

మేమిద్దరం ఒకే కంపెనీలో పనిచేసేవాళ్ళం. పెద్ద బిల్డింగులలో లైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ మాది. మనిషి గదిలోకి రాగానే పైన ఉన్న సెన్సార్ గుర్తుపట్టి లైటు వేస్తుంది. మనిషి వెళ్ళిపోగానే ఆర్పేస్తుంది. ఈ బిల్డింగ్ మొదటి నుంచీ చరితదే. నా వర్క్ పర్మిట్ ఎండాకాలంతో అయిపోతుంది, ఇక్కడే స్థిరపడటానికి PRకి అప్లై చేయాలంటే ఒక మెట్టు పైకి ఎక్కాలి. అది తెలిసే చరిత మేనేజర్‌తో మాట్లాడి తన ప్రాజెక్టు నాకిప్పించింది. అలా అనుకున్నాను.

నేను కెనడాలో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి వచ్చింది చరితే. తన గదిలో సగం నాకిచ్చింది. నాకు అమ్మా నాన్నా లేరు, కాలేజీలో ఉండగానే పోయారు. ఖమ్మం నుంచి చరిత వాళ్ళమ్మ శాంతమ్మగారు ప్రతి ఆదివారం ఫోన్ చేసి, కూతురితో మాట్లాడాక "ఏదీ, నా రెండో పిల్లకి ఇవ్వు" అనేవారు. చరిత బావిలో దూకమంటే ఎందుకని అడక్కుండా దూకేదాన్ని.

కారు ఆగింది.

ఆ బిల్డింగ్‌ని డ్రాయింగుల్లో చాలాసార్లు చూశాను. కళ్ళతో చూడటం అదే మొదలు. ఊరి జనం కోసం కట్టిన కల్చరల్ సెంటర్ అది. లైబ్రరీ, సంగీతం గది, పిల్లలకి కథలు చెప్పే గది, అన్నీ ఒకే కప్పు కింద. డిజైన్ చేసినాయన జపాన్ నుంచి వచ్చాడు. వాళ్ళ పాతకాలపు ఇళ్ళని చూసి కట్టాడు గానీ, వాటికి నకలు కాదు. స్టీలు ఉంది, గాజు ఉంది, భూకంపానికి తట్టుకునే పునాది ఉంది. కానీ లోపల గోడలు లేవు. స్తంభాలూ దూలాలే. వాటి మధ్య పక్కకి జరిపే కాగితం తలుపులు. తలుపులు మూస్తే గదులు, తీస్తే హాలు. చుట్టూ చెక్క అరుగు. దాని మీదికి ఎంత కిందికి వంగిన చూరు అంటే, లోపలికి వెళ్ళేవాళ్ళు తమకి తెలియకుండానే తల దించుతారు.

"మన మండువా ఇళ్ళ చూరులాగే ఉంది కదూ," అన్నాను.

చరిత నవ్వలేదు. "నడిమి స్తంభం మాత్రం కొత్తది కాదు. జపాన్‌లో పాత ఇల్లొకటి విప్పేస్తుంటే అక్కడి నుంచి తెప్పించారు."

"ఎవరిల్లట?"

"తెలీదు. చివర్లో ఎవరూ ఉండేవాళ్ళు కాదట." తనలో తను అనుకుంటున్నట్టు అంది. "ఇల్లు అన్నాక ఎవరో ఒకరు ఉండాలి కదా. ఇక్కడికి అందరూ వస్తారు, వెళ్తారు. ఎవరూ ఉండరు."

తలుపు తీసింది. ముందు మట్టినేల. అక్కడ బూట్లు విప్పి, ఎత్తుగా ఉన్న చెక్కనేల మీదికి ఎక్కాలి. నేను విప్పాను. చరిత విప్పలేదు.

"నువ్వు రావా?"

"ఆ గడ్డి చాపల వాసన నాకు పడట్లేదే. తలనొప్పి. అరుగు మీద కూర్చుంటా, ఇక్కడే ఉంటాగా." నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. ఏదో చెప్పబోయి, చెయ్యి వదిలేసింది.

లోపలికి అడుగుపెట్టగానే లైటు వెలిగింది. పసుపుపచ్చటి మెత్తటి వెలుగు. కొత్త దేవదారు చెక్క వాసన, గడ్డి చాపల వాసన. బయట వాన మొదలైంది. చూరు నుంచి నీళ్ళు కిందున్న గులకరాళ్ళ మీద పడుతున్నాయి. అరుగు దీపం వెలుతురులో చరిత నీడ కాగితం మీద స్పష్టంగా పడింది. మోకాళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చుంది. చూస్తే ధైర్యంగా అనిపించింది.

తలుపు జరిపాను. రెండో గది వెలిగింది. నా వెనక మొదటిది ఆరిపోయింది. ట్యాబ్‌లో ఓకే. ఇంకో తలుపు. ఇంకో గది. వెలుగు నాతోపాటే నడుస్తోంది, చీకటి నా వెనకే వస్తోంది. పక్కకి చూస్తే కాగితం మీద చరిత నీడ.

"చరితా!"

"ఉన్నా."

నడిమి గదిలో ఆ స్తంభం ఉంది. ఎన్నేళ్ళ పొయ్యి పొగ పట్టిందో, నల్లగా నిగనిగలాడుతోంది. దాని పక్కకి వెళ్ళగానే వాసన మారింది. ఆరిపోయిన కట్టెల వాసన. ఎప్పుడూ తెరవని పెట్టెలో బట్టల వాసన.

అప్పుడే బయట కారు స్టార్టయింది.

వేరెవరిదో అనుకున్నాను. కానీ ఆ బెల్టు కీచుమనే చప్పుడు నాకు తెలుసు. వారం రోజులుగా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్దాం అనుకుంటున్న కారు అది. హెడ్‌లైట్లు ఈ చివర నుంచి ఆ చివరకి కాగితాల మీద పాకుతూ వెళ్ళాయి. కారు రోడ్డెక్కింది. చప్పుడు దూరమైంది. వానలో కలిసిపోయింది.

చరిత నీడ మాత్రం అక్కడే కూర్చుని ఉంది.

మెల్లగా పిలిచాను. "చరితా…"

"ఉన్నా."

అదే గొంతు. అదే మాట. ఇందాక ఎలా అందో అచ్చం అలాగే…

వెనక్కి తిరిగి వచ్చిన దారిలోనే తలుపు జరిపాను. గది. మధ్యలో నల్ల స్తంభం. ఇంకో తలుపు. గది. మధ్యలో నల్ల స్తంభం. డ్రాయింగుల్లో ఆ స్తంభం ఒకటే. నాకు బాగా తెలుసు, ఒకటే. మూడో తలుపు జరిపాను…

స్తంభం.

ఫోన్ తీసి చరితకి కొట్టాను. రింగయింది. కట్ చేసింది. మళ్ళీ కొట్టాను. స్విచ్చాఫ్.

అప్పుడు నేను అడుగుపెట్టని గదిలో లైటు వెలిగింది. తలుపు మూసే ఉంది. కాగితం లోపల్నుంచి లాంతరులా వెలుగుతోంది. ఆ గదిలోంచి మాటలు వినబడ్డాయి. చరిత మాటలు. పని ముగించుకుని బ్యాగు సర్దుకుంటున్నట్టు, హుషారుగా.

"వెళ్ళొస్తా!"

మళ్ళీ చరితే. ఈసారి అలసటగా, ఇంకో రోజు అన్నట్టు. "వెళ్ళొస్తా."

మళ్ళీ. గొంతు వణుకుతోంది. "వెళ్ళొస్తా… రేపు వస్తా…"

ఖాళీ ఇంటికైనా సరే, ఆఫీసుకైనా సరే, బయటికి వచ్చేటప్పుడు అలా చెప్పి రావడం చరితకి చిన్నప్పట్నుంచీ అలవాటు. ఆఫీసులో అందరం నవ్వేవాళ్ళం. ఆ మాటని ఇక్కడ ఎవరో విన్నారు. నిజమని నమ్మారు.

తర్వాత వచ్చిన మాటలు ఏడుపులో ముద్దగా వచ్చాయి. ప్రతి అక్షరం నాకు వినబడింది.

"నేను ఉండలేను… నన్నొదిలెయ్… చంద్రిక ఉంది. నా ఫ్రెండు. దానికి ఎవరూ లేరు. ఎవరూ వెతకరు. నేను తీసుకొస్తా… ఒట్టు."

నేను అక్కడే చాప మీద కూలబడ్డాను. నిజం చెప్తున్నా, ఆ క్షణంలో భయం పోయింది. గుండెలో ఏదో పుటుక్కున తెగినట్టయింది. ఎయిర్‌పోర్టులో నా సూట్‌కేసు లాక్కుని "ఇక నీకు నేనున్నా" అన్న గొంతు అది. అదే గొంతు.

లైటు ఆరింది.

అరుగు వైపు చూశాను. అక్కడ నీడ లేదు. లోపలి తలుపు మీద ఉంది. నాకు చేతికందే దూరంలో. మోకాళ్ళు దగ్గరికి తీసుకుని అలాగే కూర్చుంది. కానీ తల… తల మెల్లగా నా వైపు తిరుగుతోంది. అటు పక్కన దీపం లేదు. ఏ దీపమూ లేదు. ఆ నీడ ఎలా పడుతోందో…

కాగితానికి నోరు ఆనించి మాట్లాడినట్టు గుసగుస.

"ఉంటావా?"

చరిత గొంతే. కానీ తెలుగు రానివాళ్ళు నేర్చుకుని పలికినట్టు ఉంది.

లేచి అరుగు వైపు పరిగెత్తి కాగితం మీద భుజంతో గుద్దాను. చిరగలేదు. గోడని గుద్దినట్టు నొప్పి. మళ్ళీ గుద్దాను. వెనక చాప మీద ఎవరో మోకాళ్ళ మీద జరుగుతున్న చప్పుడు. స్స్… స్స్… కట్టెల వాసన ముక్కు నిండా.

"ఉంటావా?"

నోటిదాకా వచ్చేసింది. లేదు, వెళ్ళొస్తా అని. పుట్టినప్పట్నుంచీ నాలుక మీద ఉన్న మాట. చిన్నప్పుడు స్కూలుకి బయల్దేరుతూ ఒకసారి 'పోతున్నా' అంటే మా అమ్మ మూతి మీద కొట్టింది. పోతున్నా అనకూడదే, పోయినవాళ్ళు తిరిగి రారు అంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. వేళ్ళ సందుల్లోంచి ఆ చెడ్డమాటే అన్నాను.

"పోతున్నా."

జరుగుతున్న చప్పుడు ఆగింది.

"పోతున్నా. మళ్ళీ రాను."

చూరు నీళ్ళ చప్పుడు కూడా ఆగిపోయింది. నా మెడ వెనక ఎవరో ఊపిరి బిగబట్టినట్టుంది. కళ్ళు మూసుకుని కాగితాన్ని తోశాను. తడిసిన పేపరులా చిరిగింది. అరుగు మీద పడ్డాను, అక్కడి నుంచి గులకరాళ్ళ మీద. బూట్లు లేవు. సాక్సులతోనే రోడ్డు దాకా పరిగెత్తాను. వెనక్కి చూడలేదు. బస్సు డ్రైవరు నా కాళ్ళ వంక చూసి ఏమీ అడక్కుండా ఎక్కించుకున్నాడు.

అపార్ట్‌మెంటు తలుపు తాళంచెవితో తీశాను. రసం పోపు వాసన వస్తోంది. టేబుల్ మీద ఒక్క కంచం. హాల్లో గోడ వారగా రెండు నల్ల చెత్త సంచులు. ఒకదాని మూతిలోంచి నా ఎర్ర స్వెటర్ కనబడుతోంది. నా పరుపు మీద దుప్పటి అప్పటికే తీసేసి ఉంది.

చరిత వంటగదిలోంచి వచ్చింది. నన్ను చూసి గరిటె వదిలేసింది. దెబ్బ తగిలిందా అనలేదు. ఎలా వచ్చావు అనలేదు.

"ఏం చెప్పావు దానికి?" అంది. "ఉంటానన్నావా, లేదా?"

"నా బట్టలు సంచుల్లో పెట్టావా చరితా?"

"చెప్పు చంద్రీ! ఏమన్నావు?"

"పోతున్నా అన్నాను."

చరిత ముఖం పాలిపోయింది. గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. "ఎంత పని చేశావే… రోజూ పిలుస్తోంది నన్ను. స్నానం చేస్తుంటే పిలుస్తుంది. మీటింగులో పిలుస్తుంది. ఎప్పుడొస్తావని అడుగుతుంది. నేనేం చెయ్యను?"

"నాతో చెప్పొచ్చుగా? ఇద్దరం ఎక్కడికైనా వెళ్ళిపోయేవాళ్ళం."

"నాకు ఇంటి దగ్గర అమ్మ ఉందే!" అని అరిచింది. "నీకెవరున్నారు?"

ఆ సంచులు రెండూ ఎత్తుకుని వచ్చేశాను. ఆఫీసులో స్నేహ అనే అమ్మాయి సోఫా ఇచ్చింది. చరిత ఆ వారంలోనే ఉద్యోగం మానేసి, దేశానికి అటు పక్కనున్న ఒషావా వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది. ఫోన్‌లో తన నంబరు బ్లాక్ చేశాను. ఆ ప్రాజెక్టు నాకొద్దని మేనేజర్‌కి చెప్పాను. ప్రమోషన్ లేదు, PR సంగతి ఇంకా తేలలేదు. బిల్డింగ్ ఓపెనింగ్ మాత్రం బాగా జరిగిందట. పిల్లలు చాపల మీద బోర్లా పడుకుని బొమ్మల పుస్తకాలు చూస్తున్న ఫోటోలు వచ్చాయి. చిరిగిన కాగితం గురించి నన్నెవరూ అడగలేదు. ఫోటోల్లో ఎంత వెతికినా చిరిగిన చోటు నాకు కనబడలేదు.

పోయిన ఆదివారం పగటిపూట నా కొత్త గదిలో బట్టలు మడతపెట్టుకుంటున్నాను. బయట మంచి ఎండ. శాంతమ్మగారి నంబరు నుంచి ఫోన్ వచ్చింది. తీయాలా వద్దా అని చాలాసేపు చూశాను. ఆవిడ చేసిన తప్పేముంది? తీశాను.

"చంద్రికా, బాగున్నావా తల్లీ? చరితకి ఓసారి ఫోన్ ఇవ్వమ్మా."

"తను ఇక్కడ లేదు ఆంటీ. ఒషావాలో కదా ఉంటోంది."

"అదేంటమ్మా, పొద్దున చేసి నీ దగ్గరే ఉన్నానంది? వారమైందట కదా వచ్చి. మీరిద్దరూ మళ్ళీ కలిసిపోయారంటే ఎంత సంతోషమేసిందో…"

గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ మాటే చెప్పబోయాను. ఇంతలో ఆవిడే నవ్వారు.

"ఆఁ, వినబడుతోందే, వినబడుతోంది! అక్కడే ఉండి లేనని చెప్పిస్తావా? తిన్నావా… ఏం వండారు?… అలాగా…"

ఫోన్ నా చెవి దగ్గరే ఉంది. నేను ఒక్క మాట కూడా మాట్లాడటం లేదు. మధ్యమధ్యలో ఆవిడ ఆగుతున్నారు. ఎవరో జవాబు చెబుతుంటే వింటున్నట్టు ఆగి, మళ్ళీ మాట్లాడుతున్నారు.

"సరే… సరేలే… ఎందుకమ్మా ఏడుస్తావు?"

ముక్కుకి ఆరిపోయిన కట్టెల వాసన తగిలింది. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"ఎందుకే అంత మెల్లగా మాట్లాడతావు? చంద్రికే కదా ఉంది అక్కడ… ఇంకెవరు వింటారు?"