అమ్మమ్మ కడిగిన తొట్టి

పొద్దున్నే పాలు స్టవ్ మీద పెట్టి, అవి పొంగేలోపు వంటగట్టు రెండుసార్లు తుడవడం అమ్మమ్మకి అలవాటు. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో ఆపరేషన్ గదికి సామాన్లు ఉడికించి ఇచ్చిన చెయ్యి అది. కత్తెరైనా, పట్టకారైనా, గుడ్డైనా, ఆవిడ చేతిలో పడిందంటే క్రిమి అన్నది బతికి బట్టకట్టేది కాదు. రిటైరయ్యాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. "మా అమ్మ మనందర్నీ ఓసారి ఉడకబెట్టి ఆరేస్తే గానీ శాంతించదు" అని కూతురు నవ్వేది.

ఆ కూతురు పోయి రెండు నెలలైంది. అల్లుడు బస్సు డ్రైవరు, తెల్లారకముందే డ్యూటీకి వెళ్ళాలి. పదకొండేళ్ళ మనవరాలిని చూసుకోవడానికి అమ్మమ్మే పెట్టె సర్దుకుని వచ్చేసింది. కడుపుకోత గురించి ఎవరితోనూ ఒక్క మాట అనలేదు, కంటతడి పెట్టలేదు. వచ్చిన రోజు నుంచీ కడగడం మొదలుపెట్టింది. కర్టెన్లు, అల్మరాలు, కిటికీ ఊచలు, మంచం కోళ్ళు, ఒకటని కాదు. చివరికి ఇంట్లో ఆవిడ చెయ్యి పడనిది హాల్లో ఉన్న చేపల తొట్టి ఒక్కటే మిగిలింది.

ఆ తొట్టి కూతురిది. అందులో మూడు గోల్డ్‌ఫిష్‌లు. పేర్లు తల్లీకూతుళ్ళు కలిసి పెట్టారు: బుంగమూతి, సోంబేరి, పెద్దమనిషి. పోయిన ఆదివారం మనవరాలు స్నేహితురాలింటికి వెళ్ళినప్పుడు అమ్మమ్మ దాన్ని తేరిపార చూసింది. అద్దానికి నాచు, రాళ్ళ మీద జిగురు. ఫిల్టర్‌లోని స్పాంజి సంగతైతే చెప్పనే అక్కర్లేదు, బురదలో ముంచి తీసినట్టుంది. 'బంగారంలాంటి ప్రాణులు, ఈ మురికిలోనా?' అనుకుని నడుం బిగించింది. చేపల్ని బకెట్లోకి మార్చి, పాత నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళు ఉడకబెట్టి, స్పాంజిని సలసల కాగే నీళ్ళలో నానబెట్టి పిండింది. తొట్టెడు నీళ్ళూ గిన్నెలు గిన్నెలుగా కాచి చల్లార్చి మరీ పోసింది. తొట్టి తళతళలాడింది. రెండు నెలల్లో ఆవిడ మనసు కాస్త కుదుటపడిన పూట అదొక్కటే.

గురువారం పెద్దమనిషి చచ్చిపోయింది. వయసైపోయిందిలే అని సర్దిచెప్పుకుంది అమ్మమ్మ. శనివారం పొద్దున పాలు పొంగి స్టవ్ మీదంతా పారుతున్నా ఆవిడ చూసుకోలేదు. హాల్లోంచి మనవరాలి కేక వినబడింది.

సోంబేరి వెల్లకిలా తేలుతోంది. బుంగమూతి నీళ్ళ పైకి వచ్చి, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటోంది.

"ఏం చేశావు అమ్మమ్మా వీటిని?"

"నేనేం చేశానే? శుభ్రంగా కడిగాను. అంత మురికిలో ఎలా బతుకుతాయని..."

"అమ్మ ఎప్పుడూ అలా కడగలేదు! కొంచెం నీళ్ళు తీసి కొంచెం పోసేది, అంతే. ఆసుపత్రిలో ఉండి కూడా ఫోన్‌లో నాతో అలాగే చేయించింది. నన్నొక్క మాట అడిగావా?"

"చిన్నపిల్లవి, నీకేం తెలుసని అడగమంటావు?"

"నాకు తెలుసు! నీకే తెలీదు! నువ్వు అన్నీ కడిగేస్తావు. అమ్మ దిండు గలీబు కడిగేశావు. నైటీలు కడిగేశావు. దువ్వెనలో అమ్మ జుట్టుంటే అదీ తీసి పారేశావు. ఇప్పుడు ఇంట్లో ఎక్కడా అమ్మ వాసన లేదు, అంతా నీ సబ్బు వాసనే! నువ్వు రాకుండా ఉంటే బాగుండేది!"

ముక్కు మీద కోపం ఉన్న మనిషి అమ్మమ్మ. ఇంకెప్పుడైనా అయితే గయ్యిమని లేచేది. ఇప్పుడు వెనక్కి వంటింట్లోకి నడిచింది. స్టవ్ కట్టేసి, తొట్టిలోని నీళ్ళు ఒక సీసాలో పట్టుకుని, చెప్పులు వేసుకుంది. "ఈ చేపలు కొన్న షాపు ఎక్కడో చూపించు" అంది. మనవరాలు పది అడుగులు ముందే నడిచింది, వెనక్కి తిరిగి చూడలేదు.

షాపతను మోచేతుల దాకా తడిసిన చేతులతో ఎదురొచ్చి, పిల్లని చూసి నవ్వాడు. "ఏమ్మా, మీ అమ్మ రాలేదా? చాలా రోజులైందే కనబడి!"

పిల్ల తల దించుకుంది. చెప్పాల్సిన మాట అమ్మమ్మ మీద పడింది. ఇన్నాళ్ళూ అల్లుడు చెప్పాడు, చుట్టాలు చెప్పారు, ఆవిడ మాత్రం ఆ మాట నోటితో అనలేదు. "నా కూతురు పోయింది బాబూ" అంది.

అతను చేతులు తుడుచుకుని ఆవిడ దగ్గర సీసా అందుకున్నాడు. తర్వాత సీసాలోని నీళ్ళు గాజుగొట్టంలో పోసి ఏవో చుక్కలు వేశాడు. నీళ్ళు ముదురాకుపచ్చగా మారాయి.

"విషం పెరిగిపోయిందమ్మా. చేపలు విసర్జించేదే వాటికి విషం. దాన్ని తినేసే క్రిములు స్పాంజిలోనూ రాళ్ళ జిగురులోనూ కాపురం ఉంటాయి. స్పాంజి గాని కడిగారా?"

"ఉడకబెట్టాను."

"అయ్యో. మురికనుకున్నారు గానీ, వాటిని కాపాడేది అదేనమ్మా."

"క్రిమి కనబడితే చంపడమే నాకు తెలుసు బాబూ" అంది అమ్మమ్మ మెల్లగా. "ఆ రెండిటినీ నేనే చంపాను."

మనవరాలు మొదటిసారి తలెత్తి ఆవిడ వైపు చూసింది.

అతను తన పాత తొట్టిలోంచి గోధుమరంగు స్పాంజి సగం కోసి, ఆ తొట్టి నీళ్ళతోనే కవర్లో వేసిచ్చాడు. రెండ్రోజులు మేత వెయ్యొద్దన్నాడు. రోజూ పావువంతు నీళ్ళు మాత్రం మార్చమన్నాడు, అవీ ఒకరోజు నిలవ ఉంచినవి. "ఇది బతుకుతుందా అంకుల్?" అనడిగింది పిల్ల. "చెప్పలేనమ్మా" అన్నాడు. డబ్బులు మాత్రం తీసుకోలేదు.

ఇంటికొచ్చి అమ్మమ్మ ఆ స్పాంజిని వట్టిచేతులతో ఫిల్టర్‌లో పెట్టింది. జిగురునీళ్ళు మోచేతి దాకా కారాయి. తాగడానికి నిన్న కాచి ఉంచిన బిందెడు నీళ్ళు అక్కరకొచ్చాయి. తర్వాత మూడు రోజులు అమ్మమ్మా మనవరాలూ మాటల్లేకుండా ఆ పని చేశారు. పిల్ల మగ్గుతో లెక్కపెట్టి తీసేది, ఆవిడ అంచు వెంట నెమ్మదిగా పోసేది. నాలుగో రోజు సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చేసరికి బుంగమూతి కిందికి దిగి, రాళ్ళ మధ్య మూతి పెట్టి వెతుక్కుంటోంది. తోక మాత్రం చీలికలైపోయింది.

"నీ తల్లి దిండు ఎందుకు కడిగానో చెప్పనా?" అంది అమ్మమ్మ, తొట్టి మీంచి చూపు తిప్పకుండా. "ఆ వాసన తగిలితే నేను నిలబడలేనే. అది పోతే నా బాధా పోతుందనుకున్నాను. నీకు మిగిలింది అదేనన్న జ్ఞానం లేకపోయింది. తప్పయిపోయింది తల్లీ."

మనవరాలు లేచి గదిలోకి వెళ్ళింది. బడిసంచీ తెచ్చి, పుస్తకాల అడుగు నుంచి గట్టిగా ముడేసిన ప్లాస్టిక్ కవర్ తీసింది. లోపల వాళ్ళమ్మ పాత స్వెటర్.

"నువ్వొచ్చిన రోజే దాచేశాను" అంది. "కడగవుగా?"

"కడగను."

"ఎక్కువసేపు తెరవకూడదు అమ్మమ్మా, వాసన అయిపోతుంది. నేను రోజుకొక్కసారే తెరుస్తాను."

ముడి విప్పి ఆవిడ చేతుల్లో పెట్టింది. అమ్మమ్మ ఆ ఉన్నిలో ముఖం దాచుకుంది. రెండు నెలలు బిగబట్టిందంతా ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. బిడ్డ పేరు పెట్టి పిలుస్తూ, వెక్కి వెక్కి ఏడ్చింది. కాసేపటికి కన్నీళ్ళు స్వెటర్‌కి అంటుతున్నాయని గుర్తొచ్చి ఉలిక్కిపడి, గబగబా కవర్లో పెట్టబోయింది.

"కట్టెయ్యవే, అయిపోతుంది."

మనవరాలు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"పర్లేదు అమ్మమ్మా. ఇంకొంచెంసేపు ఉంచుకో."