దబ్బనం పడని కాగితం

పొద్దున తొమ్మిదింటికి వచ్చిన ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. చేతిసంచిని గుండెలకు హత్తుకుని గోడవారగా నిలబడింది.

"రేపు సాయంత్రం మా ఆయన్ని అరెస్టు చేస్తారట. ముగ్గుర్ని చంపాడని," అంది.

చెల్లెమ్మ టైపింగు ఆపేసింది. ఆమె అసలు పేరు ఆ వీధిలో చాలామందికి తెలియదు. డిటెక్టివ్ మేష్టారు "చెల్లెమ్మా" అని పిలుస్తాడు గనక ఆమె అందరికీ చెల్లెమ్మే. నలభై దాటిన మనిషి. కోర్టులో పదిహేనేళ్లు టైపిస్టుగా చేసి, ఒక కేసులో మేష్టారు నిజం బయటికి లాగిన తీరు చూసి, ఆ ఉద్యోగం వదిలేసి ఆయన దగ్గర చేరిపోయింది. మేష్టారు నిజంగానే మేష్టారు. ఇరవై రెండేళ్లు బడిలో పాఠాలు చెప్పాడు. కాపీ కొట్టిన పేపరును వాసన చూసి పట్టేవాడని ఆయన పాత విద్యార్థులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ముందు కూర్చోండమ్మా. మీ ఆయన ఉద్యోగం?" అన్నాడు మేష్టారు.

"బాయిలర్ల ఇన్‌స్పెక్టరు."

ఇద్దరికీ అర్థమైంది. కిందటి నెల ఇరవై తొమ్మిదిన అద్దకం మిల్లులో బాయిలర్ పేలింది. దానికి మంట పెట్టే కార్మికుడు, పక్క షెడ్డులో పనిచేస్తున్న అన్నదమ్ములిద్దరు అక్కడికక్కడే పోయారు.

ఆవిడ రెండు జిరాక్సు కాగితాలు బల్లమీద పెట్టింది. బాయిలర్ల మండలికి ఇన్‌స్పెక్టరు పంపిన నోటు అది. మొదటి పేజీ మొదట్లో 'అధ్యక్షుల వారికి' అని ఉంది. కింద తనిఖీ వివరాలు, చివర 'గొట్టాలు బాగున్నవి, ఆరు నెలలు నడపవచ్చును' అన్న మాట. రెండో పేజీలో ఒక్కటే వాక్యం: 'కనుక పై సిఫార్సును ఆమోదించవలసిందిగా మనవి.' దాని కింద ఇన్‌స్పెక్టరు సంతకం, నాలుగో తేదీ. ఆ కింద పచ్చ సిరాతో అధ్యక్షుడి ఆమోదం, ఇరవై రెండో తేదీ.

"ఈ సంతకం మీ ఆయనదేనా?"

"ఆయనదేనండీ. కానీ ఆ రోజు ఇంటికొచ్చి నాతో చెప్పాడు. 'ఆ బాయిలర్ ఆపెయ్యమని రాశాను, గొట్టాలు అప్పడాల్లా పలచబడిపోయాయి' అని. ఆపమని చెప్పిన మనిషి నడపమని ఎలా రాస్తాడు?"

"ఆయన కంప్యూటర్లో ఉండాలిగా?"

"పాత కంప్యూటర్లన్నీ తుక్కుకు పోయాయండీ. మిల్లు యజమానుల సంఘం కొత్తవి విరాళంగా ఇచ్చింది."

మేష్టారు కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆయన ఆ పని చేశాడంటే కేసు ఒప్పుకున్నట్టే.

*

మండలి రికార్డు గదిలో బీరువాల మధ్య సూపరింటెండెంటు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చేతిలో కర్రపిడి దబ్బనం. కాగితాల మూల దాన్ని గుచ్చి, ఆ కన్నంలోంచి దారం ట్యాగు దూర్చి ముడి వేస్తున్నాడు.

"పంచింగ్ మిషన్ లేదాండీ?" అంది చెల్లెమ్మ.

"అడిగి తొమ్మిదేళ్లయిందమ్మా. ఆ ఫైలు కూడా ఈ దబ్బనంతోనే కుట్టాను."

"ఈ గది తాళం ఎవరి దగ్గరుంటుంది?" అన్నాడు మేష్టారు.

"నా దగ్గరే. కాగితం మారిందని ఇన్‌స్పెక్టరు అంటున్నాడుగా, అందుకే నన్నూ అనుమానిస్తున్నారు. పైగా వచ్చే నెల నా రిటైర్మెంటు. ఇంకో ఏడాది ఉండనివ్వమని అధ్యక్షుడికి అర్జీ పెట్టుకున్నాను. మీరు అడగకముందే చెప్పేస్తున్నా."

"ఫైల్లో ఇన్‌స్పెక్టరు ఏం రాశాడో చదివారా?"

"నోట్లు చదవను సార్. చదివితే నిద్ర పట్టదు. ఫైలు కుట్టడం, పంపడం, తిరిగొస్తే బీరువాలో పెట్టడం. అంతవరకే నా పని."

ఫైలు తెచ్చి ముందు పెట్టాడు. మేష్టారు దాన్ని చదవలేదు. ఒక్కొక్క కాగితాన్నీ కిటికీ వెలుగుకు ఎత్తి, మూలనున్న కన్నంలోంచి చూస్తూ పోయాడు. చెల్లెమ్మ కూడా తొంగి చూసింది. కన్నాల అంచులు నక్షత్రాల్లా చీలి ఉన్నాయి. ఒక్కదానికి మాత్రం గుండ్రటి, నున్నటి అంచు.

ఫైళ్ల రాకపోకల పుస్తకం తిరగేశారు. పాత అధ్యక్షుడు అంతకుముందు నెల ముప్పై ఒకటిన దిగిపోయాడు. కొత్తాయన పదహారున బాధ్యతలు తీసుకున్నాడు. ఫైలు ఇరవైన ఆయన పేషీకి వెళ్లి ఇరవై రెండున తిరిగొచ్చింది.

"మధ్యలో పదిహేను రోజులు కుర్చీ ఖాళీయా?"

"ఖాళీయే సార్. ఎవర్ని కూర్చోబెట్టాలో పైన తేలలేదు. మంత్రిగారి మనిషా, సంఘం మనిషా అని. చివరికి ఇద్దరూ ఒకరేనని తేలింది." సూపరింటెండెంటు నవ్వబోయి మానుకున్నాడు. "అన్నాళ్లూ ఫైళ్లు ఈ బీరువాలోనే."

"ఆ పదిహేను రోజుల్లో వచ్చిన నోట్లన్నీ చూపించండి."

పదకొండు ఫైళ్లు వచ్చాయి. మేష్టారు ప్రతిదాంట్లోనూ మొదటి వాక్యం మాత్రం చూసి పక్కన పెట్టాడు. చెల్లెమ్మ కూడా అవే చూసింది. ఆయనకు కనిపించింది తనకెందుకు కనిపించలేదో ఆమెకు తెలియలేదు.

*

అధ్యక్షుడి గదిలో గోడకు పెద్ద ఇత్తడి పలక వేలాడుతోంది. 'మన మండలి అధ్యక్షులకు అభినందనలతో, మిల్లు యజమానుల సంఘం.' అడుగున కిందటి నెల ఒకటో తేదీ. అధ్యక్షుడు నిన్న మొన్నటి దాకా ఆ సంఘానికే ఉపాధ్యక్షుడు. ఎదుటి సోఫాలో సంఘం కార్యదర్శి తన ఇంట్లో ఉన్నట్టు కాళ్లు బారజాపి కూర్చున్నాడు. అతను తెచ్చిన అర్జీలు బల్లమీద ఉన్నాయి. మూలల్లో గుండ్రంగా కన్నాలు పొడిచి, రంగు దారాలు కట్టి ఉన్నాయి.

"ఫైలు రెండు రోజులు మీ దగ్గరుంది. చదివారా?" అన్నాడు మేష్టారు.

"చూడండీ, నేను ఇంజనీరును కాను. మంత్రిగారు కూర్చోమన్నారు, కూర్చున్నాను. రోజుకు నలభై ఫైళ్లొస్తాయి. కింద ఇన్‌స్పెక్టరు సంతకం ఉంటే నా సంతకం పెడతాను."

"ఆ రెండు రోజులూ ఈ గది దాటిపోలేదా?"

"లేదు." జవాబు వెంటనే వచ్చింది గానీ, చూపు మాత్రం సోఫా మీదికి పోయింది.

కార్యదర్శి పకపకా నవ్వాడు. "మేష్టారూ, మా అధ్యక్షులవారికి పరీక్ష పెట్టకండి. పాపం, ఆయన లెక్కల్లో వీకు."

"ఫరవాలేదండీ," అన్నాడు మేష్టారు లేస్తూ. "నేను వ్యాసాలు కూడా దిద్దేవాణ్ణి."

*

మర్నాడు పదింటికి, పేలుడు మీద విచారణ జరుగుతున్న గదిలో అందరూ చేరారు. విచారణాధికారి రిటైరైన జడ్జి. గుమ్మం దగ్గర పోలీసు అధికారి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు గడ్డం మాసి, భార్య పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. అధ్యక్షుడు, కార్యదర్శి ఎదుటి వరసలో ఉన్నారు. సూపరింటెండెంటు ఫైలును ఒళ్లో పెట్టుకున్నాడు.

"అయ్యా," అన్నాడు మేష్టారు జడ్జితో, "రెండో పేజీ అసలుదే. దాంట్లో ఉన్నది ఒక్క మనవి, ఒక సంతకం. దానికి పైన ఏ మొదటి పేజీ పెట్టినా అతుకుతుంది. ఎవరో మొదటి పేజీ తీసేసి ఇంకోటి పెట్టారు. ఈ ఫైల్లో కాగితాలన్నిటికీ దబ్బనం గుచ్చిన చీలికలున్నాయి. మొదటి పేజీకి మాత్రం మిషన్ పొడిచిన కన్నం. ఆ మిషన్ ఈ ఆఫీసులో లేదు."

"ఆ మాత్రం మిషన్ బజార్లో ఎవరైనా కొనుక్కోవచ్చు," అన్నాడు కార్యదర్శి.

"నిజమే. అందుకని కన్నం సంగతి వదిలేసి వ్యాసం దిద్దుదాం. నోటు తేదీ నాలుగు. అప్పటికి అధ్యక్షుడి కుర్చీ ఖాళీ. సూపరింటెండెంటుగారూ, కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు నోటు ఎవరి పేర రాస్తారు?"

"'మండలికి' అని రాస్తాం సార్. లేని మనిషికి కాగితం రాయరు కదా."

"ఆ పదిహేను రోజుల్లో వచ్చిన మిగతా పదకొండు నోట్లూ 'మండలికి' అనే మొదలయ్యాయి. వాటిల్లో నాలుగు ఈ ఇన్‌స్పెక్టరువే. ఇదొక్కటే 'అధ్యక్షుల వారికి' అంటోంది. ఈ ఆఫీసులో పనిచేసేవాళ్లెవరూ ఆ తేదీన ఆ మాట రాయరు. కనుక ఇన్‌స్పెక్టరు కాదు, సూపరింటెండెంటు కాదు. ఇక అధ్యక్షులవారు. కుర్చీ కోసం పదిహేను రోజులు కళ్లు కాయలు కాసేలా చూసిన మనిషి, తను అందులో కూర్చున్న తేదీ మరిచిపోడు. నాలుగో తేదీన తను అధ్యక్షుడు కాడని ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు."

చెల్లెమ్మకు గోడమీది ఇత్తడి పలక కళ్లముందు కదిలింది. "ఒకటో తేదీ!" అంది పైకే.

"అదే చెల్లెమ్మా. ప్రభుత్వం ఆయన్ని నియమించడానికి రెండు వారాల ముందే ఒక చోట ఆయన అధ్యక్షుడైపోయాడు. ఆ చోట పలక కూడా చెక్కించేశారు." మేష్టారు కార్యదర్శి వైపు తిరిగాడు. "అసలు పేజీ ఎదురుగా పెట్టుకుని మీరు కొత్తది టైపు చేయించారు. దాంట్లో 'మండలికి' అని ఉంటే మర్యాద తక్కువైందనుకుని దిద్దారు. కాపీ కొట్టే పిల్లలందరూ ఇంతే బాబూ. అంతా ఎక్కించి, తమకు తెలుసనుకున్న ఒక్క మాట దగ్గర దొరికిపోతారు."

"ఫైలు నా చేతికి రాలేదు. ఎవడు చెప్పాడు?" కార్యదర్శి గొంతు లేచింది.

అందరూ అధ్యక్షుడి వైపు చూశారు. ఆయన చేతిరుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"నాకు కుర్చీ ఇప్పించింది వాళ్లు," అన్నాడు చివరికి. "ఒక్కసారి చూసిస్తామన్నారు. ఎలా కాదనను? కార్లో పంపించాను."

"నోరు ముయ్యవయ్యా!" అన్నాడు కార్యదర్శి. నిన్నటి దాకా అధ్యక్షులవారన్న నోరే అది.

"పంపేముందు మొదటి పేజీ చదివారా?" అడిగాడు మేష్టారు.

ఆయన రుమాలును మడతలు పెట్టాడు. "చదివాను."

"ఏముంది?"

"వెంటనే ఆపాలి అని ఉంది."

"తిరిగొచ్చాక?"

"తిరిగొచ్చాక చదవలేదు." ఆయన కళ్లు నేలమీదే ఉన్నాయి. "చదవకుండా ఉంటేనే మంచిదనిపించింది."

ఇన్‌స్పెక్టరు భార్య మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. జడ్జి కళ్లజోడు తీసి, గుమ్మం దగ్గరున్న అధికారి వైపు చూశాడు. సాయంత్రం అరెస్టు కోసం వచ్చిన పోలీసులు పదకొండింటికే అధ్యక్షుణ్ణీ కార్యదర్శినీ తీసుకెళ్లారు.

*

మేష్టారూ చెల్లెమ్మా సెలవు తీసుకోవడానికి రికార్డు గదికి వెళ్లేసరికి ఇన్‌స్పెక్టరు అక్కడే ఉన్నాడు. ఇంటికి వెళ్లలేదు. భార్య బల్ల పక్కన నిలబడి ఉంది.

"పద, స్నానం చేసి ఏదైనా తిందువు గానీ," అంటోంది.

"ఆ మిల్లులో ఇంకో బాయిలర్ ఉందే. దాని గొట్టాలూ అంతే. ఇది రాసేసి వస్తాను." అతను తెల్లకాగితం ముందుకు లాక్కుని, కలం పట్టుకుని ఆగిపోయాడు. తలెత్తి సూపరింటెండెంటును చూశాడు. "కుర్చీ మళ్లీ ఖాళీయే కదా?"

"ఖాళీయే సార్."

అతను 'మండలికి' అని రాసి, కింద గీత గీశాడు. రెండు పేజీలు రాశాడు. రెండిటి మీదా పూర్తి సంతకం పెట్టాడు. రెండో పేజీలో సంతకానికి పైన 'వెంటనే ఆపాలి' అని మళ్లీ రాశాడు.

సూపరింటెండెంటు కాగితాలు అందుకున్నాడు. దబ్బనం తీసి, పక్కన పెట్టేశాడు. కళ్లజోడు పెట్టుకుని, ఎన్నేళ్లకో మొదటిసారి, నోటును మొదటి మాట నుంచి చదవడం మొదలుపెట్టాడు.