వెండి రేకు వెనక ముడుపు

"బాయిలర్ మూత తీసినట్టే లేసింది పొగ. ఒకటే కుడుక మాడిన కంపు. ఇగ ఇల్లు సూడనే అనుకున్న" అంటూ జగన్మోహన్ బొబ్బలెక్కిన కుడి అరచేతిని భార్య ముందుకు చాపాడు.

కలబంద గుజ్జు రాస్తున్న కనకమ్మ వేలు అక్కడే ఆగిపోయింది. కుడుక... ఎండుకొబ్బరి మాడిన వాసన! పైకి మాత్రం "మండుతున్నదా?" అని అడిగి, తల వంచుకుని మళ్లీ రాయసాగింది.

ఆ పొద్దున తండ్రీకొడుకులు మిర్యాలగూడ నుంచి తమ రైస్ మిల్లుకు వడ్ల బేరం కోసం కోదాడ బయలుదేరారు, చైతన్య కారులో. హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న నల్లటి పెద్ద కారు అది. టర్బో ఇంజన్. దానికున్న జోరు చాలదని, ఇంకా పెంచమని సూర్యాపేటలో షెడ్డు నడిపే బావ సాయితేజకు అప్పగించాడు చైతన్య. కోదాడ ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా బానెట్ సందుల్లోంచి పొగ కమ్మింది. బానెట్ ఎత్తబోయి జగన్మోహన్ చెయ్యి కాల్చుకున్నాడు. చైతన్య మంటలార్పే సిలిండరు తెచ్చి తెల్లపొడి అంతా కుమ్మరించాడు. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. ఆ కబురు విన్న సాయితేజ తనే లారీ తెచ్చి కారును షెడ్డుకు తీసుకుపోయాడు. జగన్మోహన్ అల్లుడి ముఖం చూడకుండా బస్సెక్కి ఇంటికొచ్చాడు.

"ఇగ వాడు ఈ గడప తొక్కొద్దు. గొర్లు కాసే ఇంట్ల పుట్టినోనికి ఇంజన్లెందుకు?"

"నాన్నా, తప్పు ఏడున్నదో బావను జర సూడనియ్యి" అన్నాడు చైతన్య.

"సూస్తడు. మనం సచ్చినంక తీరిగ్గ సూస్తడు."

సాయంత్రానికే ఆ మాట సూర్యాపేట చేరింది. కూతురు అక్షిత ఫోన్ చేసింది. ఏడో నెల నడుస్తోంది ఆమెకు.

"అమ్మా, ఆయన రాని ఇంటికి నేనెట్ల వస్తనే? కాన్పు ఈడనే చేసుకుంట. మా అత్త ఉన్నది... నువ్వేం రంది పెట్టుకోకు."

తొలి కాన్పు పుట్టింట్లో కాదట! ముందుగదికి సున్నం వేయించి ఇంకా వారం కాలేదు. పాత నూలు చీరలు ఉడకబెట్టి, ఎండబెట్టి, పసిబిడ్డ పొత్తిగుడ్డలకని మెత్తగా చింపి బీరువాలో పెట్టుకుంది కనకమ్మ. ఫోన్ పెట్టేసి ఆ గదిలోకి వెళ్లి, మంచం మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుంది. ఏ మూల చూసినా ఆ కుడుక వాసనే వస్తున్నట్టుంది...

ఎందుకంటే ఆ కుడుక పెట్టింది తనే.

అక్షిత ఇష్టపడి చేసుకున్న పెళ్లికి రెండేళ్లు. పెన్‌పహాడ్‌లో గొర్లమంద ఉన్న కాటయ్య కొడుకు, సేట్ల ఇంటి అల్లుడయ్యాడన్న మాట జగన్మోహన్ గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆయన అతన్ని అల్లుడా అని పిలవలేదు, పేరు పెట్టీ పిలవలేదు. 'ఆ షెడ్డాయన' అనేవాడు. అలాంటి మనిషి, పోయిన నెల కారు చూపించడానికి వచ్చిన సాయితేజతో వాకిట్లో అరగంట నిలబడి మాట్లాడాడు! తలుపు వెనక నిలబడి ప్రతి మాటా విన్నది కనకమ్మ.

"గింత బలం పెంచితే గింత వేడి ఎటు పోతది?" అని అడిగాడాయన.

"అదే పరేషాన్ మామా. టర్బో ఎర్రగ కాగుతది. ఆ వేడి బానెట్ కిందనే ఆగితే, ఇంజన్ మళ్ల ఆ వేడిగాలినే పీల్సుకొని నీరసపడతది. అందుకే ముందల నుంచి చల్లగాలికి వేరే గొట్టం పెట్టిన. టర్బో పక్కన ఈ రేకు అడ్డం కట్టిన. రేకుకు టర్బోకు నడుమ రెండు వేళ్ల సందు ఇడిసిన. వేడి ఆ సందుల నుంచి పైకి పోతది."

"మరి బండి ఆపినంక?"

సాయితేజ బానెట్ కింద ఆగి ఉన్న ఫ్యాను వైపు చూశాడు.

"మిల్లు బందు చేసినా మేము బ్లోయర్ బందు చెయ్యం. పావుగంట తిర్గనిస్తం. లేకుంటే లోపలి వేడికి బాయిలరే పాడైతది. గా ఫ్యాను గూడ గట్లనే తిర్గనియ్యి."

సాయితేజ ముఖం వెలిగిపోయింది. మరుసటి వారం ఇంజన్ ఆపాక కూడా ఫ్యాన్ తిరిగేలా చేసి తెచ్చాడు. అది గిరగిరా తిరుగుతుంటే జగన్మోహన్ చేతులు కట్టుకుని, ఆగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

ఆ రోజే కనకమ్మ పూజగదిలో మొక్కుకుంది. స్వామీ, ఈ కారే వీళ్లిద్దరినీ కలుపుతున్నది... ఈ మనిషి నోటితో ఒక్కసారి 'అల్లుడా' అనిపించు! చిన్న కుడుకలో పసుపు కొమ్ము, ఐదు రూపాయల బిళ్ల పెట్టి పసుపు గుడ్డలో ముడుపు కట్టింది. కారులో ఎక్కడ పెట్టాలి? కోదాడ ప్రయాణానికి ముందురోజు చైతన్య నీళ్లు పోయడానికని బానెట్ తెరిచి లోపలికెళ్లినప్పుడు తొంగిచూసింది. నల్లటి గొట్టాల నడుమ వెండిలా మెరిసే రేకు, దాని వెనక చిన్న సందు. దేవుడి గూడులాగే ఉంది. చల్లారిన ఇంజన్ కదా, చేతికి ఏ వేడీ తగల్లేదు. ముడుపు అందులోకి తోసి, దండం పెట్టి వచ్చింది.

వేడి పోయే దారిలో నూనె కారే కుడుక, గుడ్డ. కట్టుకున్నవాడినీ, కన్నకొడుకునీ తన చేత్తోనే...

చెప్పేయాలనుకుంది. మూడు రోజులు అనుకుంటూనే ఉంది. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది, ఆరిన బట్టలు మళ్లీ తడిపింది. జగన్మోహన్ కోపం రెండు నిమిషాలు, ఎగతాళి రెండేళ్లు. దాన్నయినా ఓర్చుకోవచ్చు. కానీ 'నన్ను సంపబోయినవు గదనే' అని ఒక్కసారి అంటే ఆ మాటను ఎక్కడ దాచుకోవాలి?

నాలుగో రోజు చైతన్య అన్నం ముందు కూర్చుని, తినకుండా చెప్పాడు.

"బావ ఒప్పుకున్నడమ్మా. ఫిట్టింగుల తనదే పొరపాటట. మన ఊరోళ్లవి రెండు బండ్లు ఆ షెడ్డుల ఉండె. నాన్న మాట ఇని వాళ్లు వాపస్ తెచ్చుకున్నరు."

కనకమ్మ చేతిలోని గరిటె గిన్నెలో పడింది. అయ్యో, చెయ్యని తప్పును తనదే అనుకుంటున్నాడు ఆ పిల్లవాడు!

మర్నాడు పొద్దున్నే సూర్యాపేట బస్సెక్కింది. సీటు లేదు. ఒళ్లో పల్లికాయల సంచితో కూర్చున్న ఒక లంబాడి ముసలమ్మ ఆమె ముఖంలోకి చూసి, ఏమీ అడగకుండా కాస్త జరిగి చోటిచ్చింది. దిగేటప్పుడు గుప్పెడు పల్లికాయలు చేతిలో పోసింది. పరాయి మనిషి చూపిన ఆ దయకే కనకమ్మ కళ్లు నిండాయి.

షెడ్డులో ఆ నల్లకారు ఒక్కటే ఉంది. అత్తను చూసి సాయితేజ చేతులు తుడుచుకుంటూ కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"బిడ్డా, తప్పు నీది కాదు. ఆ రేకు ఎనుక నేను..."

"తెల్సు అత్తమ్మా."

అతను పనిముట్ల డబ్బా సొరుగు తెరిచి, గుడ్డలో చుట్టి ఉంచిన నల్లటి బిళ్లను ఆమె చేతిలో పెట్టాడు. పసుపు కొమ్ము బొగ్గయింది. నాణెం మాత్రం మిగిలింది.

"మొదటి రోజే దొరికింది. పొడి తుడుస్తుంటే."

"మరి చెప్పకపోతివి? తప్పు నాదే అని ఎందుకు మీదేసుకున్నవ్? బండ్లు గూడ పాయె గద నాయనా..."

సాయితేజ తలవంచుకుని నవ్వాడు. "మామ నన్ను అనుడు కొత్త కాదు. అలవాటైంది. మిమ్మల్ని అంటే మీకు కొత్తగుంటది. ఇంట్ల పొద్దంతా ఇనాలె గూడ." సొరుగు మూస్తూ, "ఏం మొక్కినరో తెల్వదు గని, మా కోసమే అయి ఉంటదనుకున్న" అన్నాడు.

కనకమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అమ్మానాన్నల ముందు కూడా ఎన్నడూ అలా ఏడవలేదు. సాయితేజ ఫ్యాను ఆమె వైపు తిప్పి, మంచినీళ్ల సీసా పక్కన పెట్టి, ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్లి నిలబడ్డాడు.

తిరుగు బస్సు దిగి ఆమె ఇంటికి పోలేదు. తిన్నగా మిల్లుకు నడిచింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయుధపూజనాడు తప్ప ఆ గేటు దాటలేదు. బాయిలర్ దగ్గర జగన్మోహన్, ఊక ఎగదోసే పనివాడు రామనర్సయ్య నిలబడి ఉన్నారు. భార్యను చూసి జగన్మోహన్ గబగబా ఎదురొచ్చాడు.

"బిడ్డకేమన్న అయిందా?"

"ఏం కాలే. ఆ కుడుక నేను పెట్టిన."

మసిపట్టిన బిళ్ల ఆయన ముందు పట్టుకుని మొత్తం చెప్పింది. రేకు, సందు, సొరుగు, అల్లుడి మాట. ఎక్కడా ఆపలేదు. రామనర్సయ్య మెల్లగా ఊకకుప్ప అటువైపు వెళ్లిపోయాడు. జగన్మోహన్ కట్టుకట్టిన తన చేతిని చూసుకున్నాడు.

"ఏమని మొక్కినవ్?"

"మీరు ఆ పిల్లగాన్ని ఒక్కసారి అల్లుడా అని పిలవాలని."

బాయిలర్ గుయ్యిమంటోంది. ఆయన ఎడమచేత్తో ఫోను తీసి ఆమెకు ఇచ్చాడు. "కలుపు."

అందులో అల్లుడి నంబరే లేదు. కనకమ్మకు కంఠతా వచ్చు. నొక్కి ఇచ్చింది.

"నేను... మిల్లుకాడి నుంచి" అన్నాడు జగన్మోహన్. "ఆ సందు రెండు వేళ్లే గద? గంతే ఉండనియ్యి. నోటికాడ ఇనుప జాలి కొట్టు. మా ఊక పొయ్యికి గూడ గంతే. గాలి పోవాలె, చెయ్యి పోవొద్దు."

అవతల సాయితేజ ఏదో అన్నాడు.

"ఏమో, మీ అత్తను నమ్మరాదు. మళ్ల ఏదో ఒకటి పెడ్తది." ఆయన కళ్లు తుడుచుకోవడానికి కుడిచేయి ఎత్తి, నొప్పికి దించేశాడు. "ఆ రెండు బండ్లోళ్లకు నేను చెప్త. శుక్కురారం అక్షితను తోల్కరా. నువ్వు గూడ ఉండు నాలుగు దినాలు. గని ఆ కార్ల వద్దు. జర మెల్లగ పోయేదాంట్ల తోల్కరా."

మీ అత్త... కనకమ్మ అక్కడే ఉన్న బస్తా మీద కూలబడింది. తను అడిగిన మాట అది కాదు. కానీ 'అల్లుడా' అన్న మాటకు ఇది పక్కింటిదే.

ఇంటికొచ్చి నాణేన్ని దేవుడి పెట్టెలో పెట్టింది. చింతపండుతో తోమితే మెరిసేదే. తోమలేదు. బీరువా తెరిచి, పొత్తిగుడ్డలు మరోసారి ఎండలో వేసింది.